పక్క సీటు: ఖాళీ

పక్క సీటులో కూర్చునే మనిషి బరువెంతో చెప్పవలసినది ఎవరు? అంగారకుని మీద ఎర్రమెట్ట స్థావరం వెలసి ఇరవై రెండేళ్లయినా ఈ ప్రశ్నకు సమాధానం దొరకలేదు. అది కష్టమైన ప్రశ్న కాదు. ఎవరూ దానిని అడగలేదు, అంతే.

ఎర్రమెట్ట గాజు పైకప్పులు దాటి బయట కాలు పెట్టే ప్రతివారూ జంటబండి ఎక్కవలసిందే. పక్కపక్కన రెండే సీట్లు, నాలుగు లావుపాటి చక్రాలు, తలల మీద ఇనుప పంజరం. ఎడమ సీటులో చోదకుడు, కుడి సీటులో మరొకరు. బండ్లు భూమి నుంచే వచ్చేవి. వాటితో వచ్చే చక్రాలు మాత్రం భూమి కోసం చేసినవి. వాటిని విప్పేసి వేరే చక్రాలు బిగించడం ఎర్రమెట్టలో ఎవరికి వారు తీర్చుకునే సరదా కాదు, ప్రాణావసరం.

అక్కడ వస్తువుల బరువు భూమి మీది బరువులో మూడో వంతు కంటే కొంచెమే ఎక్కువ. ఇది విన్నవారు ఆ నేల మీద బండి నడపడం తేలిక అనుకుంటారు. పొరపాటు. బండిని నేలకు అదిమిపట్టేది బరువు. అది తగ్గింది. వంపులో బండిని బయటికి విసిరేవి దాని వేగమూ, ద్రవ్యరాశీ. అవి తగ్గలేదు. భూమి మీద గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో తిరగగల వంపులో అక్కడ ముప్పై దాటితే బండి పక్కకు పడుతుంది.

పడకుండా ఆపగలిగేది చక్రాల మధ్య ఎడం. ఆ ఎడాన్ని నిర్ణయించేది ఆఫ్‌సెట్. ఎర్రమెట్ట షెడ్డులో దానిని పక్కజరుపు అనేవారు. చక్రం వెడల్పుకు సరిగ్గా నడిమిన ఒక గీత ఊహించండి. చక్రాన్ని ఇరుసుకు బోల్టులతో బిగించే ముఖం ఆ గీత మీదనే ఉంటే పక్కజరుపు సున్నా. ముఖం గీతకు బయటివైపు ఉంటే అది ధనం, చక్రం బండి కిందికి ముడుచుకుంటుంది. లోపలివైపు ఉంటే రుణం, చక్రం బయటికి పొడుచుకువస్తుంది. బయటికి వచ్చిన చక్రం బండిని నిలబెడుతుంది. అందుకు బదులుగా బేరింగులను త్వరగా అరగదీస్తుంది, రాయి తగిలినప్పుడు స్టీరింగును చేతుల్లోంచి లాగుతుంది, తలుపుల మీదికి ధూళి చిమ్ముతుంది. కాబట్టి ఎంత కావాలో అంతే ఉండాలి. కొన్ని మిల్లీమీటర్లు ఎక్కువైనా చెరుపే, తక్కువైనా చెరుపే.

ఆ మిల్లీమీటర్లను చెప్పే యంత్రమే సరితూకం. దానిని తయారుచేసినది డాక్టర్ దమయంతి. అరవై మూడేళ్ల మనిషి, వాహనగతి శాస్త్రవేత్త, కుర్చీలో పది నిమిషాలు కుదురుగా కూర్చున్న దాఖలా లేనిది. బండిని వేదిక మీదికి ఎక్కిస్తే సరితూకం నాలుగు స్ప్రింగులు ఎంత కుంగాయో చూస్తుంది, వెళ్లే దారి పటం చదువుతుంది, చోదకుడు నింపిన పత్రం చదువుతుంది. తరువాత పక్కజరుపు ఎంత ఉండాలో, ఏ వంపులో ఎంత వేగం దాటకూడదో చెబుతుంది. గంటలో పక్కనున్న మూసలోంచి ఆ కొలతకు నాలుగు చక్రాలు బయటికి వస్తాయి.

ఇన్ని జాగ్రత్తలున్నా ఆరేళ్లలో ఐదు బండ్లు బోల్తాపడ్డాయి. ఐదూ మంచుకొండ దారిలో, గుర్రపు నాడాలా తిరిగే నాడా వంపులోనే. ఐదింటిలోనూ దెబ్బ తగిలినది కుడి సీటులోని మనిషికే. చివరిది గడిచిన నెలలో జరిగింది. మంచు నమూనాలు తెచ్చే మణిమాల ఎడమ కాలు ఇక మడత పడదు. విచారణ సంఘం మూడు రోజులు కూర్చొని చోదకుని తప్పు లేదనీ, యంత్రం తప్పు లేదనీ, తప్పు నేలదనీ తేల్చింది. నేలకు నోరు లేకపోవడం సంఘానికి కలిసివచ్చింది.

దమయంతికి ఆ తీర్పు మింగుడుపడలేదు. అప్పటి నుంచి ఆమె షెడ్డులో ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతూనే ఉంది.

ఆ ఉదయం వేదిక మీద భీమేశ్వర్ బండి ఉంది. మంచుకొండ దారిలో అతనిని మించిన చోదకుడు లేడని పేరు. అతనికి ముడుచుకున్న చక్రాలు కావాలి. కారణం అందరికీ తెలుసు. ఆ దారిలో ఇరుకుసందు అనే రాతి చీలిక ఉంది. దాని వెడల్పు నూట డెబ్బై రెండు సెంటీమీటర్లు. పక్కజరుపు ధనం ముప్పై రెండు అయితే బండి వెడల్పు నూట అరవై ఎనిమిది, సందులోంచి దూరిపోతుంది. రుణం ముప్పై ఎనిమిది అయితే నూట ఎనభై రెండు, కొండ చుట్టూ యాభై నిమిషాలు తిరిగి రావాలి. భోజనశాల గోడ మీద ఒక పలక ఉంది. మంచుకొండ నుంచి ఆ రోజు మొదట తిరిగి వచ్చిన చోదకుని పేరు దాని మీద రాస్తారు. బహుమతి ఏమీ లేదు, పేరు మాత్రమే. పక్క సీటువారి పేరు రాసే ఆనవాయితీ లేదు.

సరితూకం ధనం ముప్పై రెండు అంది. నాడా వంపులో వేగం ఇరవై తొమ్మిది దాటవద్దంది. భీమేశ్వర్ ముఖం విప్పారింది. షెడ్డు పెద్దమేస్త్రి సాల్మన్ చక్రాలు బిగిస్తూ, పలక మీద నీ పేరు ఇక చెరపనక్కర్లేదు, పెయింటుతో రాసేద్దామని ఎగతాళి చేశాడు. భీమేశ్వర్ వెళ్లిపోయాడు.

దమయంతి పాత ఐదు ప్రమాదాల పత్రాలను తెర మీద వరసగా పరిచింది. ఈసారి వేగాలు చూడలేదు, దారి చూడలేదు. చోదకులు స్వయంగా నింపిన గడులు చూసింది. ఐదింటిలోనూ ఒకే మాట ఉంది. పక్క సీటు: ఖాళీ.

ఆమె నడక ఆగిపోయింది. భీమేశ్వర్ పత్రం తెరిచింది. పక్క సీటు: ఖాళీ.

"సాల్మన్, భీమేశ్వర్ ఒక్కడే వెళ్లాడా?"

"ఒక్కడెందుకు పోతాడమ్మా? నీలవేణి ఉందిగా, మణిమాల బదులు వచ్చిన పిల్ల. డ్రిల్లు పెట్టె ఒళ్లో పెట్టుకుని ల్యాబు గేటు దగ్గర ఎక్కుద్ది. అందరూ అక్కడే ఎక్కుతారు."

"పత్రంలో ఖాళీ అని ఉంది."

"అట్టాగే రాస్తారమ్మా. మనిషి ఉందని రాస్తే మీ మిషను వెడల్పు చక్రాలు ఇస్తది. సందులో పట్టవు." సాల్మన్ చేతులు తుడుచుకున్నాడు. "మీకు తెలుసనుకున్నా. మీరెప్పుడూ అడగలేదుగా."

అప్పుడు దమయంతి యంత్రం వైపు తిరిగింది. ఆమె కోపం చోదకుల మీద ఉంది. కాని వారు అబద్ధం రాసినా ల్యాబు గేటు దాటాక స్ప్రింగులు అదనంగా కుంగుతాయి. ఆ కుంగుబాటు క్షణక్షణమూ సరితూకానికి చేరుతుంది. మరి అది ఎందుకు ఊరుకుంది?

"గేటు దగ్గర కుడి స్ప్రింగుల మీద నూరు కిలోలకు పైగా పెరిగిందా?" అని అడిగింది.

"పెరిగింది," అంది సరితూకం. "దానిని బండి అడుగున గట్టిపడిన ధూళిగా లెక్కించాను."

ఇందులో ఉన్న ప్రమాదం దమయంతికి ఎవరూ వివరించనక్కరలేదు. సీటులో ఉన్న మనిషి బరువు ఎత్తున ఉంటుంది, బండిని పడదోస్తుంది. అడుగున అంటిన ధూళి బరువు నేలకు దగ్గరగా ఉంటుంది, బండిని నిలబెడుతుంది. యంత్రం మనిషిని చూడకపోవడమే కాదు, ఆ మనిషి ఉన్నందువల్ల బండి మరింత భద్రంగా ఉందని నమ్ముతోంది.

"ధూళి అని నీకు ఎవరు నేర్పారు?"

"నాకు నేర్పిన మొదటి రెండు వందల పద్నాలుగు ప్రయాణాలు. ప్రతిదానిలోనూ కుడివైపు అరవై ఒక్క కిలోలు అదనంగా కనిపించాయి. ప్రతి పత్రంలోనూ పక్క సీటు ఖాళీ అని ఉంది. మనిషి కాని బరువు ధూళి అయివుండాలని నేర్చుకున్నాను."

ఆ పత్రాలలోని చేతిరాత దమయంతిది. ఆ రెండు వందల పద్నాలుగు ప్రయాణాలలో కొలతలు చూసుకుంటూ కుడి సీటులో కూర్చున్నది ఆమే. తాను ప్రయాణికురాలు కాదనీ, పరిశీలకురాలనీ అప్పుడు అనుకుంది. కొలిచే మనిషి కొలతలోకి రాదని, చదువుకున్న మనిషి, తొమ్మిదేళ్ల కిందట, నిస్సందేహంగా నమ్మింది. మణిమాల కాలిని విరిచినది ఆ నమ్మకం.

నాడా వంపుకు భీమేశ్వర్ ఇంకా ఆరు నిమిషాల దూరంలో ఉన్నాడు. దమయంతి రేడియో అందుకొని వేగం సగానికి తగ్గించమంది. అతను మర్యాదగానే నిరాకరించాడు. తెర మీద ఇరవై తొమ్మిది అని ఉందనీ, ఆ అంకె మారితే తానూ మారతాననీ అన్నాడు. అంకె మారాలంటే పత్రం మారాలి. బండి కదిలాక పత్రం మార్చే అధికారం బండిలో ఉన్నవారికే ఉంది. ఆ నిబంధన పెట్టినదీ దమయంతే.

"పక్కన నీలవేణి ఉంది. ఆమెతో మాట్లాడాలి."

"ఆ అమ్మాయికేం తెలుసు మేడమ్? కూర్చుంటది అంతే."

"నేను నిన్ను అడగలేదు."

తరువాత నీలవేణి గొంతు సన్నగా వినిపించింది. "అమ్మా, నేను రాస్తే రేపటి నుంచి నన్నెవరూ ఎక్కించుకోరు. ఇంతకుముందు వేరే బండిలో నిజం చెప్పినామెకు అట్లే అయింది."

ఆమెకు ఏమి జవాబు చెప్పాలి? ఎక్కించుకుంటారని హామీ ఇవ్వడం అబద్ధం అవుతుంది. దమయంతి హామీ ఇవ్వలేదు.

"నేను ఆ సీటులో రెండు వందల పద్నాలుగు సార్లు కూర్చున్నాను, నీలవేణీ. ప్రతిసారీ ఖాళీ అని నా చేత్తో రాశాను. నా బరువు అరవై ఒక్క కిలోలు. ఇప్పుడు నీది చెప్పు."

వంపు ఇంకా రెండు నిమిషాల దూరంలో ఉంది.

"నాది యాభై ఎనిమిది," అంది నీలవేణి. "పెట్టె నలభై ఆరు. మొత్తం నూట నాలుగు. రాసినా."

బండి తెర మీద ఇరవై తొమ్మిది పోయి పదిహేడు వచ్చింది. భీమేశ్వర్ ఏదో గొణిగాడు కాని వేగం తగ్గించాడు. అలా తగ్గించినా వంపు నడుమ ఎడమ చక్రాలు జానెడు పైకి లేచి మళ్లీ నేలను తాకాయని తరువాత నమోదులో కనిపించింది. పదిహేడుకే అంత లేచిన బండి ఇరవై తొమ్మిదికి ఏమయ్యేదో చెప్పడానికి విచారణ సంఘం అక్కరలేదు.

ఆ రోజు అందరికంటే చివర వచ్చినది ఆ బండే. పలక మీద వేరొకరి పేరు పడింది. మరునాడు నీలవేణి ల్యాబు గేటు దగ్గర డ్రిల్లు పెట్టెతో నిలబడితే మూడు బండ్లు ఆగకుండా వెళ్లాయి. నాలుగోదానిని సాల్మన్ నడుపుకుంటూ వచ్చాడు. అతనికి సందు అంటే మొదటి నుంచీ భయం. ఆమె ఎక్కాక, పత్రం ఆమె చేతికే ఇచ్చి, కొండ చుట్టూ తిరిగి వెళ్లాడు.

దమయంతి రెండు వందల పద్నాలుగు పత్రాలనూ సరిదిద్ది యంత్రానికి మళ్లీ నేర్పింది. పట్టుబట్టి కొత్త నిబంధన తెచ్చింది. పక్క సీటు గడిని ఇకపై చోదకుడు నింపరాదు, ఆ సీటులో కూర్చునే మనిషే తన చేతితో నింపాలి. ఎర్రమెట్టలో న్యాయం జరిగిందని అందరూ చెప్పుకున్నారు. విచారణ సంఘం తనను తాను అభినందించుకుంది.

నెల తిరిగేసరికి నలభై పత్రాలు వచ్చాయి. దమయంతి వాటిని నిలబడే చదివింది. తొమ్మిదింటిలో అంకెలు ఉన్నాయి. ముప్పై ఒక్క పత్రాలలో, పక్క సీటులో కూర్చొని వెళ్లిన మనుషుల సొంత చేతిరాతలో, వంకర లేకుండా, తడబాటు లేకుండా రాసి ఉంది: ఖాళీ.

ఇప్పుడు సరితూకం ఆ మాటను నమ్మదు. ల్యాబు గేటు దగ్గర స్ప్రింగు కుంగగానే, "కుడి సీటులో ఉన్నవారు ఎవరు?" అని అడుగుతుంది. ఏదో ఒక జవాబు రాకపోతే బండిని కదలనివ్వదు. ముప్పై ఒక్క బండ్లలోనూ దానికి జవాబు వచ్చింది. ఆడగొంతులు, మగగొంతులు, మెల్లగా, అదే జవాబు చెప్పాయి: "ఎవరూ లేరు, ధూళి."

ఇది చదువుతున్న మీరు కూడా ఎవరి బండిలోనో కుడివైపు కూర్చొనే ఉంటారు. ఆ ఇంటిలోనో, ఆ కార్యాలయంలోనో, మీ పేరు పడని ఆ పనిలోనో మీ గడిని వేరొకరు నింపి ఉంటారు, లేదా మీరే నింపి ఉంటారు. ఈ పేజీ తిప్పకముందే కలం తీయండి. మీ బరువెంతో అంకెలలో రాయండి. కింద మీ పేరు పెట్టండి.