విప్పని చుట్ట

అది పందొమ్మిది వందల తొంభై ఒకటి, చలికాలం. మధ్యాహ్నం మూడు దాటితే చాలు, పొగమంచు వీధి దీపాల మెడదాకా దిగేది.

ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టులో కౌంటరు దగ్గర నిలబడే ఆయన్ని అందరూ ఆంపియరు అనేవారు. ఎవరేం కొనబోయినా "ఎన్ని ఆంపియర్లు?" అని అడక్కుండా వదిలేవాడు కాదు. అంతకుముందు ఇరవై తొమ్మిదేళ్ళు ఆ కౌంటరు దగ్గర ఆయన తండ్రి నిలబడ్డాడు. తండ్రి కొడుక్కి ఇచ్చిపోయినవి మూడే: ఆ ఉద్యోగం, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మొండితనం, "విప్పిన చుట్ట అమ్ముడుపోదు" అనే మాట. వైరు చుట్టని ఒకసారి విప్పితే మళ్ళీ కొత్తదానిలా చుట్టడం ఎవరి తరమూ కాదు. అందుకని చుట్ట చుట్టగానే ఉంచి, చివర బల్బు వెలిగించి చూపించి అమ్మేవారు.

ఇంట్లో మాత్రం చుట్ట అంటే ముసలాయన కాల్చేదే. ఆయన పోయినది కిందటి చలికాలం, వెనక గదిలో. ఆ రాత్రి మంచం మీద పడుకుని, వేలు కిందికి చూపిస్తూ "చుట్ట... చుట్ట..." అన్నాడు. "డాక్టరు మానెయ్యమన్నాడు కదా నాన్నా" అని కొడుకు కిటికీలో ఉన్న చుట్టల డబ్బా పట్టుకుపోయి, చలి కొట్టకుండా తలుపు వేశాడు. తెల్లారేసరికి ఆయన లేడు. గదంతా ఘాటైన పొగ వాసన. ఎక్కడో ఒకటి దాచుకుని కాల్చుంటాడులే అనుకున్నారు.

ఇప్పుడు ఆ గదిలోనే ఆంపియరు భార్య, పదకొండు రోజుల పాప పడుకుంటున్నారు. చలికి పాప గోళ్ళు నీలంగా అవుతున్నాయని ఆయన పెద్ద హీటరు తెచ్చాడు. దానికి సరిపడే ప్లగ్గు పాయింటు హాల్లో తప్ప లేదు. అటక మీంచి పాత ఎక్స్‌టెన్షన్ వైరు దించాడు.

"కొత్తదొకటి కొనకూడదూ?" అంది భార్య.

"కొత్తవన్నీ దారప్పోగులు. ఈ హీటరు రెండు వేల వాట్లది. దీనికి వైరు లావుండాలి, ఎర్తు పిన్ను ఉండాలి, పదిహేను ఆంపియర్ల ప్లగ్గుండాలి. ఇందులో మూడూ ఉన్నాయి. నాన్న హీటరుకి పోయినేడు వాడింది ఇదే."

"మరీ ఇంత పొడుగా?"

"ముప్ఫై మీటర్లు. మనకి కావలసింది ఐదు. మిగతాది చుట్టలోనే ఉంటుంది, మంచం కింద."

"మీరు పాపకి కూడా ఆంపియర్లు చూసే పేరు పెట్టేలా ఉన్నారు," అని ఆవిడ నవ్వింది. చుట్ట కాలికి తగలకుండా దాని మీద పాత బొంత కప్పి వెళ్ళాడు ఆయన. గాలికి తలుపు తెరుచుకోకుండా ఆవిడ లోపల గడియ పెట్టుకుంది.

సాయంత్రం ఐదున్నర. హాల్లో ఆంపియరూ, ఆయన తల్లీ కూర్చున్నారు. బయట మంచు కిటికీ అద్దాలకి తెల్లగా అంటుకుంది. గోడ గడియారం తప్ప చప్పుడు లేదు. అప్పుడు వచ్చింది వాసన. పల్చగా, తియ్యగా, గొంతులో గీరుకునేలా.

ముసలావిడ ముఖం విప్పారింది. "మీ నాన్న వచ్చాడురా," అంది గుసగుసగా.

ఆయన కూడా ముక్కు ఎగబీల్చాడు. సందేహం లేదు. ఏడాది కిందటి వాసనే.

"చూసొస్తానమ్మా."

"కూర్చో. తలుపు కొట్టకు. మనవరాల్ని కాసేపు చూసుకోనీ. బతికుండగా ఆ ముచ్చట తీరలేదు."

ఆయన కూర్చున్నాడు. వాసన చిక్కబడింది. గడియారంలో పావుగంట గడిచింది. గదిలో ఎవరో దగ్గారు. ఆడమనిషి దగ్గు కాదు. పీల్చిన ఊపిరి వెనక్కి రాని దగ్గు... ముసలాయనది.

ఆయన లేచి తలుపుకి చెవి ఆనించాడు.

"చుట్ట..."

"డబ్బా అటక మీదుంది నాన్నా," అన్నాడు. "తెస్తాను. వాళ్ళని నిద్ర లేపకు."

తర్వాత తలుపు సందులోంచి, సరిగ్గా ఆయన చెవి పక్కనే...

"విప్పరా..."

ఆయనకి అర్థం కాలేదు. చుట్టని వెలిగిస్తారు. ఆర్పుతారు. ఎవరూ విప్పరు.

విప్పేది...

కిటికీలో ఉన్న డబ్బాకేసి కాదు. ఆ రాత్రి ముసలాయన వేలు చూపించింది మంచం కిందికి.

ఆయన వంగి, తలుపు కింద నుంచి వెళ్తున్న వైరు పట్టుకున్నాడు. అది వేడెక్కిన కొవ్వొత్తిలా మెత్తగా ఉంది.

ప్లగ్గు పీకాడు. భుజంతో మూడుసార్లు గుద్దితే గడియ ఊడింది. కానీ తలుపు బెత్తెడు తెరుచుకుని ఆగిపోయింది. కింద ఏదో అడ్డం ఉంది. చెయ్యి దూర్చి తడిమాడు. పాప. బట్టలో బిగించి చుట్టినది చుట్టినట్టే, తలుపు కింది సందుకి నోరు ఆనించి, గాలి పీలుస్తోంది.

మంచం గదికి ఆ చివర ఉంది. నడుమెత్తు మంచం. పదకొండు రోజుల పిల్ల బోర్లా కూడా పడలేదు.

బొంత కింద వైరు చుట్ట నల్లటి ముద్దయిపోయింది. చుట్టి ఉంచిన వైరు లోపలి వేడి పోయే దారి లేక తనని తానే కాల్చుకుందని వచ్చిన కరెంటువాళ్ళు చెప్పారు. ఎంత లావు వైరైనా సరే, పూర్తిగా విప్పి పరిస్తేనే ఆ వాట్లు మోస్తుందన్నారు. పోయినేడు చుట్ట లోపలి పొరలు మాడినా పైకి కనబడక, ఎవరూ విప్పి చూడలేదు. ముసలాయన ఏ పొగకి పోయాడో ఆంపియరుకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఇల్లు మారారు. కొత్త ఇంట్లో ఎక్స్‌టెన్షన్ వైరు అన్నది లేదు. ఏడాది నిండాక పాప ఒక సాయంత్రం పాకుతూ వంటగది గోడ దగ్గరికి పోయింది. ఆ గోడలోంచే వైర్లు పోతాయి. గోడకి చెవి ఆనించింది. ఎవరో ఏదో చెప్తున్నట్టు తలూపింది. వెనక్కి తిరిగి తండ్రిని చూసి, "తుత్త" అంది.

అదే ఆ పిల్ల మొదటి మాట. "అమ్మ" అని పిలవడానికి తల్లి లేదు. ఆవిడ ఆ గదిలోంచి బతికి రాలేదు.