నుదుటి వెనక చీకటి

"దేశాధినేత బతుకుతాడా లేదా అన్నది రేపు ఒక్క బొమ్మ మీద ఆధారపడి ఉంది," అన్నాడు చీఫ్.

డేగ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. సీక్రెట్ సర్వీసులో అతని పేరు అదే.

"ఆయన నుదుటి వెనక, ముక్కుకి కాస్త పైన కణితి ఉందని డాక్టర్ల అనుమానం. ఎం.ఆర్.ఐ.లో సరిగ్గా అక్కడే బొమ్మ నల్లబడుతుంది. ముక్కు లోపలి గాలి వల్ల అయస్కాంత క్షేత్రం ఎగుడుదిగుడవుతుందట. దాన్ని చదును చెయ్యడానికి ఒక సైంటిస్టు చిన్న చిన్న తీగచుట్టలతో హెల్మెట్ తయారుచేసింది. ఒక్కో చుట్టలో కరెంటు సరిచేస్తే బొమ్మ తేటపడుతుంది. అలా తేటపడకూడదని ఒక విదేశీ ముఠా పని చేస్తోంది. కణితి కనబడకపోతే ఆపరేషన్ ఉండదు. కొన్నాళ్ళకి ఆయనా ఉండడు."

"ఆ సైంటిస్టు ఎవరు సార్?"

"మీ ఆవిడ."

డేగ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఆమె లెక్కలో నువ్వు ఇన్సూరెన్సు ఏజెంటువి. అలాగే ఉండు. యంత్రాన్ని చల్లగా ఉంచే హీలియం నింపే మెకానిక్ వేషంలో వెళ్ళు. ముఠాలో మన మనిషి ఒకామె ఉంది. విదేశీ డాక్టర్‌గా వస్తుంది. కోడ్ వర్డ్, 'వాన వెలిసిందా'."

మర్నాడు పెట్టుడు మీసంతో, నీలం యూనిఫారంతో డేగ ఆ ల్యాబ్‌లో అడుగుపెట్టాడు. పెన్ను పిస్టలు, లైటర్ కెమెరా అన్నీ గుమ్మం బయటి ట్రేలో వదిలేయాల్సి వచ్చింది. అయస్కాంతం ముందు ఏ గూఢచారి అయినా ఉత్త చేతులవాడే.

అయస్కాంతం గదికి అద్దం ఇవతల, కన్సోల్ ముందు అతని భార్య కూర్చుని ఉంది. పక్కనే ఒక కుర్ర ఇంజనీరు.

"మేడమ్, ఏడో చుట్టలో కరెంటు కాస్త తగ్గించనా?"

"నన్నడుగుతావేంటి? నీ చేతికే తెలుసుగా."

అతనేదో అన్నాడు. ఆమె తల వెనక్కి వాల్చి నవ్వింది. ఇంట్లో ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో డేగకి గుర్తు రాలేదు. ఆమె పని గురించి తను ఎప్పుడైనా అడిగాడా అన్న ఆలోచన రాలేదు. వాడికి జుట్టు అంత ఒత్తుగా ఎందుకుంది అన్న ఆలోచన మాత్రం వచ్చింది.

వెనకనుంచి ఖరీదైన సెంటు వాసన వేసింది.

"వాన వెలిసిందా?" పట్టు స్కార్ఫు, తెల్లకోటు, చూపు తిప్పుకోనివ్వని అందం.

"గొడుగింకా ఆరలేదు," అన్నాడు డేగ.

"ముఠా మనిషి ఆ ఇంజనీరే. కళ్ళు వాడి మీదే ఉంచు."

ఈమధ్య డేగకి అంతకంటె తీపి మాట ఎవరూ చెప్పలేదు. రుజువేమిటని అడగాలని కూడా తోచలేదు.

దేశాధినేతని లోపలికి తెచ్చారు. విదేశీ డాక్టర్ వెళ్ళి, హెల్మెట్‌లో ఆయన నుదుటి పక్కన మెత్తలు సర్ది బయటికొచ్చింది. అంతా డేగ ఎదుటే జరిగింది. అతను చూసింది మాత్రం ఇంజనీరు మోచెయ్యి తన భార్య మోచేతికి ఎంత దగ్గరగా ఉందన్నదే.

తెరమీద క్షేత్రం మ్యాప్ వచ్చింది. నుదుటి దగ్గర ఎర్రటి మచ్చ.

"ఇదేంటి? పొద్దున అంతా చదునుగా ఉందిగా!" ఆమె తెర మీదకి వంగింది.

మైకులో దేశాధినేత విసుక్కున్నాడు. "అయిందా అమ్మా? ఇంకో పది నిమిషాలు. తరవాత నేను లేచి వెళ్ళిపోతాను. మళ్ళీ రమ్మంటే రాను."

డేగ ఒక్క ఉదుటున వెళ్ళి ఇంజనీరు కాలరు పట్టుకున్నాడు. "ఏం చేశావురా?"

"నేనా? ఏం చెయ్యలేదండీ! మేడమ్, ఎవరీయన?"

"వదలండి అతన్ని!" ఆమె తెర మీదనుంచి కళ్ళు తిప్పలేదు. "కరెంటు తప్పయితే మచ్చ వెడల్పుగా పరుచుకుంటుంది. ఇది సూదితో గుచ్చినట్టుంది. హెల్మెట్ లోపల ఇనుముంది. ఈ అబ్బాయి గుండెలో పేస్‌మేకర్ ఉంది. అయస్కాంతం గది గుమ్మం ఒక్కసారి కూడా దాటలేదు, దాటితే ప్రాణానికే ముప్పు."

డేగ కాలరు వదిలేశాడు. మరి దాటిందెవరు?

విదేశీ డాక్టర్ అప్పటికే తలుపు దగ్గరుంది. అతను దూకి ఆమె నడుం చుట్టూ చెయ్యి బిగించాడు. లిప్‌స్టిక్‌లోంచి విషం నింపిన గాజు సూది బయటికొచ్చి అతని మెడ దాకా వచ్చింది. మణికట్టు మెలితిప్పాడు. సూది నేలమీద పడింది.

"అసూయపడే మగాడికి అబద్ధం చెప్పడం ఎంత సులువో!" అందామె నవ్వుతూ. గార్డులు తీసుకుపోయారు.

లోపల అతని భార్య మెత్త విప్పింది. కుట్టులో ఇనుప రజను. దాని చోట తన నూలు తువ్వాలు మడిచిపెట్టి పరుగున వెనక్కొచ్చింది. ఇంజనీరు ఒక్కో చుట్టలో కరెంటు సరిచేశాడు. మచ్చ కరిగింది. మ్యాప్ చదునైంది. దేశాధినేత లేవబోతున్న క్షణాన చివరి బొమ్మ తెరమీద నిలిచింది. నుదుటి వెనక, వేరుశనగ గింజంత, స్పష్టంగా.

"ఇవాళే తీసేద్దాం," అన్నాడు సర్జన్.

ఇంజనీరు మెడ రుద్దుకుంటూ, "హీలియం కంపెనీ వాళ్ళంతా ఇంతేనా మేడమ్?" అన్నాడు.

అందరూ వెళ్ళాక ఆమె మెకానిక్ దగ్గరికొచ్చి, ఊడిపోతున్న మీసం చివరని వేలితో నొక్కి అతికించింది.

"మీ ఇన్సూరెన్సు సంగతి ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం," అంది. "ముందిది చెప్పండి. ఆవిణ్ణి ఆపడానికి చెయ్యి పట్టుకుంటే చాలదూ? నడుమే పట్టుకోవాలా?"

ఆమె కోపం చూసి డేగ ఎప్పుడూ లేనంత హాయిగా నవ్వాడు.