అత్తగారు కొన్న బూట్లు

రాత్రంతా ఫ్యాను ముందు పెట్టినా బూట్ల తడి ఆరలేదు. వాన్‌రు గుమ్మం దగ్గర చిన్న పీట మీద కూర్చుని ఎడమ బూటులో వేళ్ళు పెట్టి చూసింది. లోపలంతా చల్లగా, జిగటగా ఉంది. గుడ్డ బూట్లు. బొటనవేలికి కాస్త పైన గేరు రాడ్డు రాసుకుని రాసుకుని గుడ్డ అరిగి చిల్లు పడింది. కుడి బూటు మాత్రం ఇంకా కొత్తదానిలాగే ఉంది. కష్టమంతా ఎడమ కాలిదే అయినప్పుడు కుడి కాలికేం, అది ఎప్పుడూ సుఖంగానే ఉంటుంది.

"మళ్ళీ అవే తొడుక్కుంటున్నావా?" వంటింట్లోంచి అత్తగారు జింజీ గొంతు వినిపించింది.

"ఆరిపోయాయి అత్తయ్యా."

"ఆరిపోయాయా! ఇక్కడిదాకా వాసనొస్తోంది. మీ మావయ్య చేపల మార్కెట్లో పనిచేసిన రోజుల్లో కూడా ఇంత కంపు ఇంటికి తేలేదమ్మా."

వాన్‌రు నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. ఈ మధ్య నవ్వడానికి కూడా ఓపిక కావలసి వస్తోంది. జింజీ గంజి గిన్నె, ఉప్పు ముల్లంగి ముక్కలు బల్ల మీద పెట్టి, గోడ వైపు తిరిగి కొడుకు ఫొటో ముందు అగరొత్తులు వెలిగించింది. ఫొటోలో జున్‌హోంగ్ ఎప్పటిలాగే కొంచెం సిగ్గుపడుతూ చూస్తున్నాడు.

కాలేయం జబ్బుతో అతను పోయి ఆరేళ్ళవుతోంది. పిల్లలు లేరు. కర్మకాండలన్నీ అయ్యాక ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు మిగిలారు. కోడల్ని ఉండమని అత్తగారు అనలేదు, పొమ్మనీ అనలేదు. వాన్‌రు కూడా అడగలేదు. మర్నాడు లేచి అతని బండి తీసి పనికి వెళ్ళింది, సాయంత్రం తిరిగి వచ్చింది. ఆ తర్వాత అన్ని రోజులూ అలాగే గడిచిపోయాయి.

ఇల్లున్న సాన్‌చోంగ్ నుంచి వంతెన దాటి తైపేలోకి రోజూ వెళ్ళాలి. కట్టుడు పళ్ళు చేసే ల్యాబ్‌లో ఉద్యోగం. అందరూ గేర్లు లేని స్కూటర్ల మీద కాళ్ళు ముందు పెట్టుకుని దర్జాగా కూర్చుని పోతుంటే, వాన్‌రు మాత్రం మొగుడి గేర్ల బండి మీద ఎడమ కాలితో తంటాలు పడుతూ వెళ్ళేది. ఆ బండి అమ్మేసి స్కూటరు కొనుక్కోమని చెప్పినవాళ్ళందరూ చెప్పీ చెప్పీ ఊరుకున్నారు. వంతెన మీద బళ్ళన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ కదులుతాయి. చలికాలం వానల్లో అడుగడుక్కీ ఆగి కాలు కింద పెట్టాలి, పెట్టిన ప్రతిసారీ బూటులోకి నీళ్ళు. మొన్న ఎవరిదో స్కూటరు స్టాండు తగిలి చీలమండ దగ్గర చర్మం లేచిపోయింది. ఇంటికి వచ్చి కట్టు కట్టుకుంటే జింజీ చూడనే చూసింది.

అప్పట్నుంచి మొదలైంది చెవిలో జోరీగ. మంచి బూట్లు కొనుక్కో, బండి వాళ్ళ కోసం చేసినవి కొనుక్కో, కాలు విరిగి మూల కూర్చుంటే నేను చెయ్యలేను. వాన్‌రు సరే సరే అంటూ దాటేసేది.

దాటెయ్యడానికి కారణం వేరే ఉంది. కొత్త సంవత్సరం పండుగ అయ్యాక ల్యాబ్ మొత్తం సముద్రం ఒడ్డున ఉన్న షిన్‌జూ అనే దూరపు ఊరికి తరలిపోతోంది. యజమాని వాన్‌రును పిలిచి, పెద్ద బాధ్యత ఇస్తాననీ, ల్యాబ్ పైనే గది ఉందనీ, తొందరగా ఏ సంగతీ చెప్పమనీ అన్నాడు. మెట్లు దిగితే పని, ఎక్కితే మంచం. వాన ఉండదు, వంతెన ఉండదు. వాన్‌రు ఈ మాట ఇంట్లో చెప్పలేదు. చెబితే అత్తగారు 'వెళ్ళిరా' అంటుందేమోనని భయం, 'వెళ్ళొద్దు' అంటుందేమోనని ఇంకో భయం. ఈ రెంటిలో ఏది పెద్ద భయమో తనకే తెలియదు.

ఆ శనివారం జింజీని కళ్ళ డాక్టరుకి చూపించి తీసుకొస్తుంటే, వెనక సీట్లోంచి అత్తగారు వీపు మీద టపటపా కొట్టింది.

"ఆపు, ఆపు. అదిగో కొట్టు."

"ఇప్పుడెందుకు అత్తయ్యా, మీకు కళ్ళు మసకగా ఉన్నాయి కదా."

"కొట్టు కనిపించేంత మసకగానే ఉన్నాయిలే. దిగు."

కొట్టు నిండా హెల్మెట్లు, వానకోట్లు, తోలు జాకెట్లు. షాపతను ముందు మోకాళ్ళ దాకా వచ్చే బూట్లు తీశాడు. జింజీ వాటిని ఎగాదిగా చూసింది.

"ఇవి తొడుక్కుని మా కోడలు పళ్ళు చెయ్యాలా, యుద్ధం చెయ్యాలా?"

అతను నవ్వుతూ పొట్టివి తీశాడు. మొదటి జత బాగానే ఉంది కానీ నిండా లేసులు. వేలాడే లేసు గేరు రాడ్డుకి చుట్టుకుందంటే అంతే సంగతులు. పైగా ల్యాబ్‌లో గుమ్మం దగ్గర విప్పి లోపలి చెప్పులు వేసుకోవాలి, ఇంటి దగ్గరా విప్పాలి. రోజుకి అన్నిసార్లు వంగి ముళ్ళు విప్పుతూ కూర్చుంటే నడుము పడిపోతుంది. ఇంకో జతకి ముందు వైపు ఇనుప రేకు ఉంది. వాన్‌రు తొడుక్కుని, అక్కడ నిలబెట్టిన బండి ఎక్కి గేరు వేసి చూసింది. కాలికి గేరు పడ్డట్టే తెలియలేదు.

చివరికి దొరికింది. చీలమండకి నాలుగు వేళ్ళు పైన ఆగిపోయే నల్ల బూటు. లోపలి పక్క జిప్పు. చీలమండకి రెండు వైపులా తోలు కింద గట్టి బిళ్ళలు. గేరు రాడ్డు తగిలే చోట అదనంగా ఒక తోలు ముక్క కుట్టి ఉంది. చూడ్డానికి మామూలు బూట్లలా ఉన్నాయి, ఆఫీసుకి వేసుకెళ్ళినా ఎవరూ వింతగా చూడరు. ఓ బియ్యపు గింజంత వదులు ఉంది, కానీ చలికాలం మందపాటి మేజోళ్ళు వేసుకుంటే సరిపోతుంది.

"జారతాయా?" జింజీ అడిగింది.

"జారవండీ, అడుగు చూడండి, ఎలా..."

అతను చెబుతుండగానే ఆవిడ సంచిలోంచి మంచినీళ్ళ సీసా తీసి, షాపు నేల మీద గుమ్మరించింది. "ఊఁ, నడువు" అంది కోడలితో. షాపతను నోరు తెరిచాడు. వాన్‌రు సిగ్గుతో చచ్చిపోతూ నీళ్ళలో ఇటూ అటూ నడిచింది. జారలేదు.

బండి మీద కూర్చుని ఎడమ కాలితో గేరు పైకి ఎత్తితే, ఎన్నో ఏళ్ళ తర్వాత వేలి మీద నొప్పి లేదు. ఆ క్షణం హాయిగా అనిపించింది. వెంటనే షిన్‌జూ గుర్తొచ్చింది. ఇవి వంతెన దాటేవాళ్ళ బూట్లు. కొన్నదంటే ఇక్కడే ఉంటానని తేల్చుకున్నట్టే. మెట్లు దిగి పనికి వెళ్ళేదానికి ఇవెందుకు? వాన్‌రు జిప్పు కిందికి లాగి, బూట్లు విప్పి మెల్లగా పెట్టెలో పెట్టేసింది.

"తర్వాత చూద్దాంలే అత్తయ్యా."

ఇంకెప్పుడన్నా అయితే జింజీ కొట్టు దద్దరిల్లేలా పోట్లాడేది. ఆవేళ కోడలి ముఖంలోకి ఒకసారి చూసి, ఏమీ అనకుండా వెళ్ళి బండి ఎక్కి కూర్చుంది.

తర్వాతి ఆదివారం ఆడపడుచు హుయ్‌జున్ భోజనానికి వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే కేక పెట్టింది.

"వదినా, కొత్త బూట్లా! అబ్బో, ఎంత బాగున్నాయో! ఎప్పుడు కొన్నావ్?"

వంటింట్లో ఉల్లికాడలు తరుగుతున్న వాన్‌రు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గుమ్మం పక్కన, తన పాత గుడ్డ బూట్లు ఉండే చోట, ఆ నల్ల బూట్లు పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. పాతవి లేవు.

"నేను కొనలేదు" అంది వాన్‌రు.

"నేనే కొన్నా" అంది జింజీ, బల్ల మీద గిన్నెలు సర్దుతూ, తలెత్తకుండా. "పాతవి చెత్తబండిలో వేసేశా. రేపట్నుంచి ఇవి తొడుక్కో."

హుయ్‌జున్ చేతిలో పళ్ళ సంచి అక్కడే పెట్టేసింది. "అమ్మా! నీకేమన్నా మతి పోయిందా? ఎవరన్నా మనిషికి బూట్లిస్తారా? అవి తొడుక్కుని నడిచి వెళ్ళిపొమ్మన్నట్టు! అన్నయ్యకి బడి బూట్లు కొన్నా వాడి చేత ఒక్క నాణెం పుచ్చుకునేదానివి కదా, వాడే కొనుక్కున్నట్టు లెక్క అని. కన్నకొడుకు దగ్గర కూడా పుచ్చుకున్నదానివి! వదినా, త్వరగా ఓ నాణెం తే. ఇప్పుడే ఇచ్చెయ్, దోషం పోతుంది."

వాన్‌రు నవ్వుతూనే గోడకి తగిలించిన కోటు జేబులో వెతికి ఒక నాణెం తీసి అత్తగారి ముందు చాపింది.

"వద్దు" అంది జింజీ.

"అమ్మా, తీసుకో."

"నేను తీసుకోనన్నాను."

వాన్‌రు చెయ్యి అలాగే ఉండిపోయింది. ముఖంలో నవ్వు ఎప్పుడు ఆరిపోయిందో తనకే తెలియలేదు. ఈ ఇంట్లో ఈవిడకి తెలియని ఆచారం లేదు. తెలిసీ తీసుకోనంటోంది. ఆరేళ్ళుగా ఎవరూ అనని మాట ఇవాళ బూట్ల రూపంలో గుమ్మం పక్కన కూర్చుంది.

"అంటే నన్ను పొమ్మంటున్నారా అత్తయ్యా?" అంది వాన్‌రు. "నోటితో చెప్పొచ్చు కదా? మీకు బరువైతే ఎప్పుడో చెప్పాల్సింది. వాన్లో తడిసి, ఎండలో మాడి, రోజూ ఈ ఇంటికే కదా తిరిగొచ్చాను! నాకు వేరే ఇల్లుందనా వచ్చాను?"

"వదినా, అమ్మ ఉద్దేశం..."

"నువ్వుండు హుయ్‌జున్. ఆవిడ చెప్పనీ."

జింజీ కుర్చీ లాక్కుని కూర్చుంది. చూపు ఆనక కళ్ళు చికిలించుకుని కోడలి వైపు చూసింది.

"షిన్‌జూ సంగతి ఎప్పుడు చెబుదామనుకున్నావ్?"

వాన్‌రు చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మీ యజమాని ఇంటికి ఫోను చేశాడు, నువ్వు స్నానం చేస్తున్నప్పుడు. మంచి పదవట, పై గది కూడా ఉందట, మీ కోడలు ఏ సంగతీ చెప్పడం లేదన్నాడు. అప్పట్నుంచీ చూస్తున్నా, నువ్వు చెబుతావేమోనని. నువ్వు గంజి తాగి గిన్నె కడిగి వెళ్ళిపోతున్నావు. కొట్టులో కాలికి అతికినట్టున్న బూట్లు విప్పి పెట్టేశావు. అప్పుడర్థమైంది నాకు, నువ్వు ఎటూ కదల్లేక చస్తున్నావని."

"చెబితే మీరేమంటారోనని..."

"ఏమంటాను? ఉండమనడానికి నాకేం హక్కుందే? నిన్ను కట్టిపడెయ్యడానికి నీ కడుపున ఒక పిల్లన్నా లేకపోయె. ఉండమంటే ముసల్దానికి వండిపెట్టడానికి ఉంచుకుందంటారు. పొమ్మందామంటే నాకు నోరు రాలేదు. సాయంత్రం అయ్యేసరికి నీ బండి చప్పుడు వినకపోతే నాకు అన్నం దిగదు." తుడుచుకోవడానికి ఆవిడకి చీర కొంగు లేదు, ముంజేత్తో ముక్కు తుడుచుకుంది. "నాణెం పుచ్చుకుంటే నీ కాలు పట్టుకుని ఆపినట్టు. అందుకే వద్దన్నా."

"మరి అన్నయ్య దగ్గర..." అంది హుయ్‌జున్ మెల్లగా.

"పుచ్చుకున్నా. ప్రతి జతకీ పుచ్చుకున్నా. ఆగాడా మీ అన్నయ్య?"

హుయ్‌జున్ తల తిప్పుకుంది. ఎవరూ అడక్కుండానే అంది. "వదిన వెళ్ళిపోతే నిన్ను నేను చూసుకోవాలేమోనని భయపడ్డానమ్మా. అందుకే అంత గోల చేశా. సిగ్గుగా ఉంది."

"నాకు తెలుసులే. ఆ పళ్ళు ఫ్రిజ్‌లో పెట్టు."

వాన్‌రు గుమ్మం దగ్గరికి వెళ్ళి ఒక బూటు చేతిలోకి తీసుకుంది. కళ్ళు మసకబారాయి.

"పై గదిలో ఉండేదానికి ఇవెందుకు కొన్నారు అత్తయ్యా? అక్కడ బండెక్కే పనే లేదుగా. రావాలన్నా రైలుంది."

"రైలా! వాడి బండి వదిలేసి నువ్వు పక్క వీధికన్నా వెళ్ళావా ఎప్పుడన్నా? పండక్కో పబ్బానికో ఆ సముద్రం రోడ్డు పట్టుకుని ఆ బండి మీదే వస్తావు. షిన్‌జూ గాలి మామూలు గాలా? మనిషిని పక్కకి తోసేస్తుంది. ఆ చిల్లు బూట్లతో వస్తుంటే నేనిక్కడ ఎలా కూర్చోను?"

ఇన్నేళ్ళలో ఈవిడ తనని ఒక్కసారి కూడా కూతురా అని పిలవలేదు. ఫొటో ముందు తప్ప కన్నీరు పెట్టలేదు. వంకలు పెట్టింది, వాసనొస్తోందంది, నడుమొంచి పనిచెయ్యమంది. తను వెళ్ళిపోతుందని తెలిసీ, తిరిగొచ్చే దారికి సరిపడా బూట్లు వెతికి తెచ్చింది. ఆ మసక కళ్ళతో, బస్సు పట్టుకుని, ఒక్కతే వెళ్ళి తెచ్చి ఉంటుంది. అది తలుచుకునేసరికి వాన్‌రుకి ఇన్నాళ్ళ అలసటా ఒక్కసారిగా పొంగుకొచ్చింది. పీట మీద కూలబడి, బూటు ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

జింజీ లేచి వచ్చి పక్కన నిలబడింది. ఓదార్చడం ఆవిడకి చేతకాదు. కోడలి భుజం మీద చెయ్యి వేసి, తీసి, మళ్ళీ వేసింది.

ఏడుపు తగ్గాక వాన్‌రు అరచెయ్యి తెరిచింది. నాణెం చెమటతో తడిసి ఉంది. అత్తగారి చెయ్యి పట్టుకుని అందులో పెట్టింది.

"షిన్‌జూ వెళ్తాను అత్తయ్యా. నాకూ వెళ్ళాలనే ఉంది, ఇన్నాళ్ళూ ఒప్పుకోలేకపోయాను. ఇది మీరు నన్ను ఆపడానికి కాదు. ఎంత దూరం వెళ్ళినా ఈ గుమ్మంలోనే బూట్లు విప్పుతానని. ఇప్పుడన్నా తీసుకోండి."

జింజీ చాలాసేపు అరచేతిలోకి చూస్తూ నిలబడింది. తర్వాత గట్టిగా గుప్పిట మూసుకుంది. ఆ ముడతల ముఖం మీద కన్నీళ్ళు జారిపోతున్నా తుడుచుకోలేదు.

"వచ్చేముందు ఫోను చెయ్యి" అంది. "ఒక్కదాని కోసమే బియ్యం పోస్తే మళ్ళీ వండాలి."