తోసెన్ గారు అనని మాట

పుల్లటి ఉమె కాయలు పండే రోజుల్లో పట్టుకునే ముసురు ఆ లోయలో ఓ పట్టాన వదలదు. అలాంటి ఒక పొద్దున, నారింజ తోటల కొండ దిగి వస్తున్న తత్సుహే చిన్న ట్రక్కు గుడి మలుపులో ఉన్న గుంటలో చక్రం వేసింది. గుంటలో నీళ్ళన్నీ లేచి గుడి గోడకున్న బోర్డు మీద పడ్డాయి. బోర్డు ముందు నిలబడ్డ ఫుమినో మీదా పడ్డాయి.

అప్పుడే ఆమె గాజు తలుపు తెరిచి కొత్త కాగితం అంటిస్తోంది. గొప్పవాళ్ళు చెప్పిన మంచిమాట ఒకటి కుంచెతో పెద్ద అక్షరాల్లో రాసి నెలకోసారి అక్కడ పెట్టడం గుడి ఆనవాయితీ. ఆ బౌద్ధ గుడి చూసుకునే ఆమె తండ్రి ర్యోకై గురువుగారికి చెయ్యి వణకడం మొదలైనప్పటి నుంచి ఆ పని కూతురిది. ఇప్పుడా నల్లటి అక్షరాలు బురదతో కలిసి కిందికి జారుతున్నాయి.

తత్సుహే ట్రక్కు దిగి పరుగెత్తుకొచ్చి నడుం రెండుగా వంచాడు.

"క్షమించండి, క్షమించండి! గుంట కనపడలేదు."

"గుంట సరే. మనిషి కూడా కనపడలేదా?"

"గొడుగు కనపడిందండీ. దాని కింద మనిషి ఉంటుందనుకోలేదు."

ఫుమినో పొట్టి మనిషి. ఆ సంగతి ఎవరెత్తినా ఆమెకి ఒళ్ళు మండుతుంది. తత్సుహే అది గమనించలేదు. జారిపోతున్న కాగితాన్ని తల వంచి చదువుతున్నాడు. 'నిలబడి ఎదురుచూసినవాడికి కొండ కూడా దారి ఇస్తుంది. కనెమారు తోసెన్.'

"ఈ మలుపులో నిలబడితే బురద తప్ప ఏమొస్తుంది?" అన్నాడు.

"తోసెన్ గారిని వెక్కిరిస్తున్నారా?"

"అయ్యో, నేనెంత, ఆయనెంత!"

ఆ లోయలో తోసెన్ గారిని వెక్కిరించేవాళ్ళు లేరు. ఎప్పుడో మెయిజీ చక్రవర్తి కాలంలో అక్కడ మొదటి బడి పెట్టిన మనిషి. స్టేషన్ ముందు మీసాలతో కంచు విగ్రహమై నిలబడి ఉంటాడు. పిల్లలు ఎక్కాల కంటే ముందు ఆయన మాటలు వల్లిస్తారు.

మర్నాడు తత్సుహే గుంటలో కంకర పోసి, ఒక సంచీ నిండా వేసవి నారింజలు తెచ్చి గుడి గడప దగ్గర పెట్టాడు. ఫుమినో పుచ్చుకుంది.

"'పుచ్చుకున్నది పంచినవాడి చెయ్యి ఖాళీగా ఉండదు' అన్నారు పట్టునేత నేర్పిన పెద్దావిడ ఒకరు" అంది.

"అంటే, మీకు నచ్చాయా, లేదా?"

"అదే చెప్పాగా."

"మీరెక్కడ చెప్పారు? ఆవిడ చెప్పింది."

ఫుమినో తల ఎగరేసి లోపలికి వెళ్ళిపోయింది. అయితే ఆ తర్వాత రోజూ పొద్దున ట్రక్కు చప్పుడు వినపడే వేళకి ఆమె చీపురు ఆ మలుపు దగ్గరే తిరిగేది. తత్సుహే కూడా, తొందర పనులున్నా, అక్కడికొచ్చేసరికి బండిని నత్తలా నడిపేవాడు.

"ఈరోజు ఏ పెద్దాయన పలుకుతున్నాడండీ?" అని కిటికీలోంచి తల బయట పెట్టేవాడు.

ఆమె ఎవరో ఒకరిని పలికించేది. వానగా ఉందంటే దానికొక మాట. ఆకలిగా ఉందంటే దానికింకొకటి. ఓడలు కట్టినవాళ్ళూ, వైద్యులూ, టీ కాచడంలో ఆరితేరిన వాళ్ళూ అందరూ ఆమె నాలుక మీద వరసలో కూర్చుని ఉండేవారు. ఆమె మాత్రం ఎక్కడో వాళ్ళ వెనక.

"ఇంత తెలిసిన మీరు, మీ అంతట మీరు ఒక్క మాటా అనరేం?" అన్నాడు ఒకసారి.

"నా మాట ఎవరికి కావాలి? మీకు తెలిసిన మంచిమాటేదైనా ఉంటే చెప్పండి. వచ్చే నెల బోర్డు మీద పెడతాను. పెద్దవాళ్ళదై ఉండాలి, ముందే చెబుతున్నా."

తత్సుహేకి కొంటెతనం పుట్టింది.

"'తెంపిన కాయ కోసం ఏడవకు. ఉంచిన కాయకి మాట ఇచ్చావు, దాన్ని చూసుకో.' తోసెన్ గారిది."

ఫుమినో కళ్ళు పెద్దవయ్యాయి. "ఇది నేనెప్పుడూ వినలేదే!"

"కొండ మీదివాళ్ళకి తెలుసులెండి."

ఆ మాట అన్నది తోసెన్ గారు కాదు, తత్సుహే నాయనమ్మ ఇసో. ఎండలు ముదరగానే నారింజ చెట్ల మీది పిందెల్లో సగానికి పైగా తెంపి పారెయ్యాలి. అప్పుడే మిగిలినవి కాయలవుతాయి. చిన్నప్పుడు తత్సుహే కింద పడ్డ పిందెలు చూసి ఏడుస్తుంటే ఆవిడ అన్న మాట అది. ఫుమినో వెంటనే పట్టేస్తుందనీ, ఇద్దరూ నవ్వుకోవచ్చనీ అనుకున్నాడు. ఆ లోయలో తోసెన్ పేరు చెబితే ఎవరూ ఎదురు అడగరన్నది మరిచిపోయాడు.

నెల మారింది. మాట బోర్డెక్కింది, కింద తోసెన్ గారి పేరుతో. క్షౌరశాల నడిపే ఆవిడ దాని ముందు నిలబడి కళ్ళు తుడుచుకుంది. హెడ్మాస్టరు పొద్దుటి సమావేశంలో పిల్లల చేత చెప్పించాడు. ఊరి పత్రికలో బోర్డు ఫోటో పడింది. ఇన్నాళ్ళూ వెలుగు చూడని మాట దొరికిందని తోసెన్ స్మారక సంఘం వాళ్ళు ఉబ్బిపోయి, ఆయన జయంతికి దాన్ని చేతి తువ్వాళ్ళ మీద అచ్చు వేయిస్తామన్నారు.

ఆ కబురు చెబుతున్నప్పుడు ఫుమినో మొహం వెలిగిపోతోంది. తత్సుహే నోరు తెరిచాడు. ఆ వెలుగు చూసి మళ్ళీ మూసేశాడు.

ఇంతలో పితృదేవతలు ఇళ్ళకొచ్చే ఓబోన్ పండగ వచ్చింది. గురువుగారు ఇంటింటికీ వెళ్ళి పోయినవాళ్ళ కోసం బౌద్ధ సూత్రాలు చదవాల్సిన రోజులు. ఎండలో తిరిగి తిరిగి, సెగావా గారింట్లో, చనిపోయిన ఇంటావిడ కోసం చదువుతుండగా గురువుగారి గొంతు ఆగిపోయింది. ఒక పక్కకి ఒరిగిపోయారు. ఇంటివాళ్ళు ఆయన్ని పడుకోబెట్టి డాక్టరుకి ఫోన్ చేశారు. వెనక కూర్చున్న ఫుమినో ఆగిన చోటు నుంచి అందుకుని చివరిదాకా చదివింది.

ఆయన కోలుకున్నారు గానీ ఇక తిరగలేరని డాక్టరు తేల్చేశాడు. గుడి పెద్దలు గుసగుసలాడుకోవడం మొదలుపెట్టారు. గుడి వెనక ఇల్లు గురువుగారి సొంతం కాదు. తర్వాత గుడి చూసుకునేవాడు లేకపోతే బయటి నుంచి ఎవరినో తెస్తారు, తండ్రీ కూతుళ్ళు ఆ ఇల్లు వదిలి వెళ్ళాలి. ఉన్న దారల్లా ఒకటే: దీక్ష తీసుకున్నవాడిని ఇల్లరికం తెచ్చుకోవడం. నది అవతలి గుడి గురువుగారికి అలాంటి రెండో కొడుకు ఒకడున్నాడు. నెమ్మదస్తుడు. సంబంధం మాట్లాడే బాధ్యత గుడి పెద్దలందరిలోకీ పెద్దవాడైన సెగావా తీసుకున్నాడు.

ఆ వారమే ఫుమినో మొదటిసారి కొండెక్కి తోటకొచ్చింది. తత్సుహే చెట్టు మీద ఉన్నాడు. పక్క చెట్టు కింద, టోపీ మీద తువ్వాలు కట్టుకున్న ఇసో పిందెలు తెంపుతోంది.

"సంఘం వాళ్ళు అడుగుతున్నారు" అంది ఫుమినో రొప్పుతూ. "తోసెన్ గారు ఆ మాట ఎప్పుడు అన్నారట, ఎవరితో అన్నారట. మీకెవరు చెప్పారు?"

తత్సుహే చెట్టు దిగలేదు. ఏ కొమ్మ పట్టుకోవాలో తెలియక రెండూ వదిలేశాడు. ధబ్బున కింద పడ్డాడు. అతనితోపాటు మంచి కాయలున్న కొమ్మ కూడా విరిగి పడింది.

"ఒరేయ్ తత్సూ, నా కొమ్మ!" అని అరిచింది ఇసో. తర్వాత అతని మొహం చూసి మెత్తబడింది. "సరేలే, తెంపిన కాయ కోసం ఏడవకు. ఉంచిన కాయకి మాట ఇచ్చావు, దాన్ని చూసుకో. లే!"

ఫుమినో ఇసో చెట్టు దగ్గరికి నడిచింది.

"బామ్మగారూ, ఈ మాట మీరెక్కడ నేర్చుకున్నారు?" అని అడిగింది ఫుమినో.

"నేర్చుకోవడమేంటమ్మా? వెధవ చిన్నప్పుడు ఏడుస్తుంటే నోటికొచ్చింది."

ఫుమినో తత్సుహే వైపు తిరిగింది. "ఇన్నాళ్ళూ నన్ను చూసి లోపల్లోపల నవ్వుకున్నారన్నమాట."

"మొదటిరోజు నవ్వాలనుకున్నాను. మీరు రాశాక నవ్వలేకపోయాను. అంత బాగా రాశారు."

"ఆ బోర్డు తప్ప మాకిప్పుడు పరువు అనేదేం మిగిలింది? దాని మీద అబద్ధం పెట్టించారు!"

"తప్పే. కానీ ఒక్కటి చెప్పండి. మా నాయనమ్మ మాట ఇది అని చెప్పుంటే, రాసేవారా?"

ఫుమినో కింద పడ్డ పిందె ఒకటి చేతిలోకి తీసుకుంది.

"రాసేదాన్ని కాదు" అంది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. "ఆదివారం నా సంబంధం ఖాయం చెయ్యడానికి పెద్దలు గుళ్ళో కూర్చుంటున్నారు. మీకు చెప్పాలనిపించింది. ఎందుకనిపించిందో నాకే తెలీదు."

వెనక్కి తిరిగి దిగిపోయింది. తత్సుహే ఆమె గొడుగు కనిపించినంత సేపూ అలాగే కూర్చున్నాడు.

"వెళ్ళవేంరా?" అంది ఇసో.

"వెళ్ళి ఏం చెప్పను?"

"మొదట తప్పు ఒప్పుకో. రెండోది దానంతటదే వస్తుంది."

ఆదివారం మధ్యాహ్నం తుఫాను అంచు తగిలి వాన మొదలైంది. గుడి పెద్ద గదిలో పెద్దలు వరసగా కూర్చున్నారు. గురువుగారు దిండుకి ఆనుకుని ఉన్నారు. ఫుమినో టీ పోసి ఓ మూల మోకాళ్ళ మీద కూర్చుంది. సెగావా గొంతు సవరించుకునే వేళకి, తడిసి ముద్దయిన తత్సుహే లోపలికొచ్చి చాప మీద నుదురు ఆనించాడు.

"బోర్డు మీది మాట తోసెన్ గారిది కాదు. మా నాయనమ్మది. ఫుమినో గారికి తెలీదు. నేనే కొంటెతనానికి చెప్పాను."

కప్పులు కింద పెట్టిన చప్పుడు. పెద్దల్లో ఒకడైన స్మారక సంఘం కోశాధికారి తెల్లబోయాడు.

"తువ్వాళ్ళు అచ్చయిపోయాయయ్యా!"

"మాట మంచిదే కదా" అన్నాడు ఒకాయన.

"మంచిదైతే? తోసెన్ గారిది కాదే! మా ఆవిడ దాన్ని ఫ్రేము కట్టించింది!" అన్నాడు కోశాధికారి.

"మీ ఆవిడకి మీరే చెప్పుకోండి" అన్నాడు ఇంకొకాయన. ఎవరో కిసుక్కున నవ్వారు. సెగావా మాత్రం నవ్వలేదు.

"గుడిని నవ్వులపాలు చేశావురా అబ్బాయ్" అన్నాడు.

"తప్పు ఆయనది సగమే" అంది ఫుమినో. అందరూ ఆమె వైపు చూశారు. టీ పోసే పిల్ల గొంతు ఆ గదిలో వినపడటం అదే మొదలు. "మాట ఏంటని చూడకుండా పేరు చూసి రాశాను. నాన్నగారు ఈ పని నాకు అప్పజెప్పినప్పటి నుంచి చేస్తున్నది అదే. నా మాటకి విలువ లేదనుకుని పెద్దవాళ్ళ చాటున నిలబడ్డాను. ఈ సంబంధానికి సరేనన్నదీ అలాగే. గుడి నేను చూసుకుంటాను. నేనే దీక్ష తీసుకుంటాను."

వాన చప్పుడు పెరిగింది. సెగావా కనుబొమలు ముడేశాడు.

"ఆడపిల్లవి. ఇలా చెయ్యమని ఏ పెద్దాయన చెప్పాడమ్మా?"

"ఎవరూ చెప్పలేదు. నేనే అంటున్నాను. ఓబోన్‌కి మీ ఇంట్లో చదువు పూర్తి చేసిందీ నేనే. మీ ఆవిడ ఆత్మకి అది అందలేదంటారా?"

సెగావా కనుబొమల ముడి విడింది. "అందింది. నేను విన్నాను" అన్నాడు.

గురువుగారు నెమ్మదిగా నిటారుగా కూర్చున్నారు. "నీ నెత్తిన ఈ బరువు పెట్టకూడదని అల్లుణ్ణి వెతికానమ్మా."

"మీ మనసు కష్టపెట్టకూడదని నేను తలూపాను."

"అడగాల్సింది నేను. తప్పు నాదే." ఆయన కళ్ళలో నీళ్ళు నిండాయి. "వసంతంలో దీక్షకి పంపిస్తాను. పెద్దలు మన్నించి ఒప్పుకోవాలి." నది అవతలి వాళ్ళకి తానే వెళ్ళి క్షమాపణ చెప్పుకుంటానన్నాడు సెగావా, గొణుగుతూనే.

తత్సుహే ఎవరికీ అడ్డం కాకుండా లేచి మెట్ల దగ్గరికొచ్చాడు. పెద్దల చెప్పుల మధ్య తన రబ్బరు బూట్లు వెతుక్కుంటుంటే ఫుమినో వచ్చి వెనకే నిలబడింది.

"అలా వెళ్ళిపోతారా?"

"వచ్చిన పని అయింది కదండీ."

"అయిందా?"

అతను బూటు ఒకటి చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు.

"నాకు తోట ఉంది. వదల్లేను. గుళ్ళో ఉండే మర్యాదలు రావు. సూత్రం చదవమంటే నిద్రపోతాను. కానీ పొద్దున ఈ మలుపులో మీరు లేని రోజు, ఆ రోజు... పని సాగదు. అదీ సంగతి. పెళ్ళి చేసుకుందాం, మీకు ఇష్టమైతే."

"తోట వదలమని ఎవరన్నారు? సూత్రం నేను చదువుతా. మీరు వెనక కూర్చుని నిద్రపోండి, గురక మాత్రం పెట్టకూడదు." "నాకు భయంగా ఉంది తత్సుహే గారూ. గుడి అంతా నా మీదే."

"నాక్కూడా భయంగానే ఉంది."

ఇద్దరూ మెట్ల మధ్యలో కూర్చున్నారు, చెప్పుల వరసకి సరిగ్గా అడ్డంగా. చూరు నీళ్ళు వాళ్ళ ముందు తెరలా పడుతున్నాయి. ఆమె చేతిని అతను అందుకున్నాడు. ఆమె వెనక్కి లాక్కోలేదు.

తలుపు చాటున, ఇళ్ళకెళ్ళడానికి లేచిన పెద్దలంతా ఆగిపోయారు. చెప్పులు అవతల ఉన్నాయి. దగ్గు వచ్చినవాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇప్పుడెలా?" అని చెవిలో అడిగాడు కోశాధికారి.

"ఏముంది, కూర్చుందాం పదండి" అన్నాడు సెగావా. అందరూ చప్పుడు కాకుండా వెనక్కి వెళ్ళి ఎవరి చోట వాళ్ళు కూర్చుని, చల్లారిపోయిన టీని వేడిగా ఉన్నట్టే ఊదుకుంటూ తాగారు.