ఐదు పేర్ల కుక్కపిల్ల

మధ్యాహ్నం బడి గంట ఇంకా మోగుతూనే ఉంది. ఐదో తరగతి పిల్లలంతా గేటు దగ్గర రెండు కుక్కపిల్లల చుట్టూ మూగిపోయారు. వేరుసెనక్కాయల ముసలమ్మ బుట్ట ముందు ఒక్క పురుగు లేదు.

“దీని పేరు స్ట్రెల్కా!” అంటూ గౌరీశ్వరి తన గోధుమరంగు పిల్లని పైకెత్తి చూపించింది. “మొన్న రష్యావోళ్లు రెండు కుక్కల్ని ఆకాశంలోకి పంపేరు కదా? భూమి సుట్టూ తిరిగి, సుబ్బరంగా దిగొచ్చేయి. అందులో ఒకర్తి స్ట్రెల్కా. అంటే బాణం అంట. పేపర్లో రాసేరు.”

“మరి రెండోదో?”

“బెల్కా! అంటే ఉడత. అదిగో, కస్తూరి సంకలో ఉందే, అదే బెల్కా. ఇవి రెండూ అక్కసెల్లెళ్లే కదా!”

పిల్లలంతా చప్పట్లు కొట్టారు. కస్తూరి కొట్టలేదు. చేతుల్లో కుక్కపిల్ల ఉండటం ఒక కారణం. కడుపులో మంట ఉండటం రెండో కారణం.

ఆ మంట ఇవాళ్టిది కాదు. గౌరీశ్వరి తండ్రి సూర్యం రాయగడ స్టేషన్లో గూడ్సు గుమస్తా. విజయనగరం నుంచి పాసింజర్లో పేపర్ల కట్ట దిగగానే ముందు విప్పేది స్టేషన్లోనే. అందుకని లోకంలో ఏ వింత జరిగినా ముందు గౌరీశ్వరికి తెలుస్తుంది. కస్తూరి వాళ్ల వీధికి వచ్చేసరికి ఆ వార్త వాడిపోయి, వడలిపోయి ఉంటుంది. ఈ కుక్కపిల్లలు కూడా గూడ్సు షెడ్డు కింద పుట్టినవే. సూర్యమే ఇద్దరికీ చెరొకటి ఇచ్చాడు. ఇచ్చిన కుక్కా వాళ్లదే, పెట్టిన పేరూ వాళ్లదే. ఇంక కస్తూరికి మిగిలిందేమిటి? తోకా?

“నా కుక్కకి పేరెట్టడానికి నువ్వెవర్తివే?” అంది కస్తూరి. “నీది బాణమూ, నాది ఉడతానా? బాగుందమ్మా వరస!”

“ఉడతైతే ఏటే? రెండూ కలిసే ఎల్లేయి, కలిసే వొచ్చేయి.”

“నీ జట్టు పచ్చి!”

కస్తూరి చిటికెనవేలు చూపించేసింది. రాయగడ బడిలో చిటికెనవేలు చూపించారంటే ఇంక మాటల్లేవు, పంచుకోవడాల్లేవు.

కస్తూరి తండ్రి ఆదిశేషు చింతపండు టోకు వ్యాపారి. ఇంటి ముందరి గది నిండా చింత, వెనక గది నిండా చింత. అయినా ఆ ఇంట్లో చింత లేనిది నాన్నమ్మ కృష్ణవేణమ్మకొక్కర్తికే. కస్తూరి వచ్చేసరికి ఆవిడ వసారాలో కూర్చుని చింతపిక్కలు తీస్తోంది.

“నాన్నమ్మా, ఓ పళ్లెంలో బియ్యం ఇయ్యి. బారసాల సెయ్యాలి.”

“ఎవులికే?”

“కుక్కకి.”

నాన్నమ్మ నవ్వి బియ్యం పోసింది. “మరి మేనత్త ఏదే అమ్మీ? మనిళ్లల్లో బారసాలంటే మేనత్త రావాల. పిల్లని ఒళ్లో ఎట్టుకుని, సెవిలో పేరు సెప్పాల.”

“కుక్కకి మేనత్తేటి నాన్నమ్మా! అన్నీ నేనే.”

“తల్లివీ నువ్వే, మేనత్తవీ నువ్వేనా? మరి నీతో నువ్వే దెబ్బలాడుకుంటావా?” అంది నాన్నమ్మ. ఆ తర్వాత విషయమంతా విని, పిక్క ఒకటి గిన్నెలో పడేసింది. “ఉడతంటే అంత సిన్నసూపేటే? బాణమూ రాముడిదే, ఉడతా రాముడిదే. బాణాన్ని ఒదిలేసేడు గానీ, ఉడతని ఒళ్లోకి తీసుకుని వీపు నిమిరేడు.”

కస్తూరి వినలేదు. కుళ్లు కడుపులో పుట్టినా ముందు మూసేది చెవుల్నే.

ఆ రోజుల్లో రష్యా నుంచి వచ్చే రంగుల బొమ్మల పత్రిక ఒకటి చాలా ఇళ్లల్లో ఉండేది. చదివేవాళ్లు చదివేవారు. పిల్లలు మాత్రం ఆ నున్నటి కాగితాలతో పుస్తకాలకి అట్టలు వేసుకునేవారు. కస్తూరి లెక్కల పుస్తకం అట్ట మీద గోధుమచేలో ఒక పిల్ల నవ్వుతోంది. కింద పేరు రాసి ఉంది. కస్తూరి బియ్యంలో వేలితో ఆ పేరే రాసింది: నటాషా.

“నటాషా! నటాషా!” అని కుక్కపిల్ల చెవిలో మూడుసార్లు చెప్పింది. కుక్కపిల్ల ఆ చెవిని కాలితో గోక్కుంది.

మర్నాడు బడి గేటు దగ్గర గౌరీశ్వరి “స్ట్రెల్కా!” అంది. రోడ్డు అవతలి నుంచి గోధుమరంగు పిల్ల నిజంగా బాణంలాగే దూసుకొచ్చింది. కస్తూరి “నటాషా!” అంది. నటాషా వేరుసెనగ తొక్కలు నాకుతూ ఉండిపోయింది.

తప్పు కుక్కది కాదు, పేరుదే అని తేల్చేసింది కస్తూరి.

మంగళవారం సాంఘిక శాస్త్రం అట్ట చూసి వోల్గా అని పెట్టింది. అది నది పేరు. కుక్కపిల్ల వాకిట్లో చిన్న నది పారించింది గానీ, పిలిస్తే మాత్రం రాలేదు. బుధవారం తమారా. గురువారం ల్యూద్మిలా. ఈ పేరు పిలవబోతే కస్తూరి నాలుకే మడతపడిపోయింది, ఇంక కుక్కేం పలుకుతుంది? శుక్రవారం స్పుత్నిక్. అది ఆకాశంలో తిరిగేది, పిలిస్తే దిగదు. ఇదీ దిగలేదు, నాన్నమ్మ మంచం మీంచి.

శుక్రవారం సాయంత్రం నాన్నమ్మ బియ్యం డబ్బా మూత గట్టిగా బిగించేసింది. “వారంలో ఐదు బారసాలలేటే! పేరు మీద ఆశ ఉండొచ్చు గానీ, ఇది పేరాశ!”

బళ్లో పిల్లలు సరేసరి. “కస్తూరీ, ఇయాళ మీ కుక్క పేరేటే?” అని రోజూ అడిగి నవ్వేవారు. గౌరీశ్వరి ఒక్కర్తే నవ్వేది కాదు. నవ్వితే బాగుండుననిపించింది కస్తూరికి. అప్పుడు ఇంకాస్త కోపం తెచ్చుకోవచ్చు.

శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం ఆదిశేషు గూడ్సు షెడ్డుకి బయల్దేరాడు. నిలవ చింతపండు బస్తాలు విజయనగరం వెళ్లాలి. కస్తూరి కూడా కుక్కపిల్లని వెంటబెట్టుకుని వెళ్లింది.

ప్రతి బస్తా మీదా నల్లరంగుతో మూడు ఆకుల గుర్తు. అది ఆదిశేషు మార్కా. కొట్టు పెట్టిన నాటి నుంచీ అదే. షెడ్డు మూల మాత్రం ఒక బస్తా ఒంటరిగా, బూజు పట్టి కూర్చుని ఉంది.

“అదెవులిది బాబాయ్?” అని కస్తూరి సూర్యాన్ని అడిగింది. పచ్చి అన్నది కూతురితోనే గానీ తండ్రితో కాదు కదా!

“తెలిస్తే పంపేద్దుం కదమ్మా!” అన్నాడు సూర్యం, పెట్టెల తలుపులకి సీళ్లు నొక్కే పట్టకారు చేత్తో తిప్పుతూ. “ముందు చేప గుర్తేసేరు. దాన్ని కొట్టేసి గొడుగేసేరు. దాని మీద మళ్లీ నక్షత్రం. ఎవరొచ్చినా తమది కాదనే అంటున్నారు. నెల్లాళ్లయింది. దానికి ఊరూ లేదు, పేరూ లేదు.”

“మార్కా ఒకటే ఉండాలమ్మీ,” అన్నాడు ఆదిశేషు. “బడిలో మార్కులు ఎన్నుంటే అంత మంచిది. బస్తాకి మాత్రం ఒక్కటే మార్కా.”

కస్తూరి నవ్వింది. నవ్వి, కుక్కపిల్ల కోసం పక్కకి చూసింది.

కుక్కపిల్ల లేదు.

“స్పుత్నిక్!”

జవాబు లేదు. షెడ్డు కిందికి వంగి చూసింది. తూకం బల్ల వెనక చూసింది. కళాసీ ఒకడు నెత్తి మీద బస్తాతోనే చెప్పాడు. “ఇందాక బస్తాలెక్కించే సెక్క మీంచి ఎక్కుతుంటే సూసేన్నేను. ఏ పెట్లోకెళ్లిందో మరి!”

వరసగా ఆరు గూడ్సు పెట్టెలున్నాయి. రెండింటికి తలుపులు మూసేశారు. ఇంకో పది నిమిషాల్లో సీళ్లు పడతాయి. సీలు పడ్డ తలుపు విజయనగరంలో గానీ తెరుచుకోదు. అటు చివర ఇంజను అప్పుడే ఆవిరి వదులుతోంది.

“నటాషా! వోల్గా! తమారా!” కస్తూరి పెట్టెల పక్కనే పరిగెత్తింది. “ల్యూ... ల్యూద్మిలా! స్పుత్నిక్!”

కళాసీలు తెల్లబోయి చూశారు. ఐదుగురు ఆడపిల్లలు ఒక్కసారే తప్పిపోయారేమో అనుకున్నారు పాపం. పెట్టెల్లోంచి మాత్రం కుయ్యిమన్న శబ్దం కూడా లేదు.

రైల్వే క్వార్టర్ల వైపు నుంచి గౌరీశ్వరి పరిగెత్తుకొచ్చింది. వెనకే స్ట్రెల్కా. కస్తూరి ఎదురుగా వచ్చి ఆగిపోయింది. ఇద్దరి మధ్యా వారం రోజుల మౌనం అడ్డంగా నిలబడింది.

కస్తూరి చిటికెనవేలిని గౌనులో దాచుకుంది. “నా కుక్క... రైలెక్కిపోయిందే.”

“పచ్చి కదా? నాతో మాటాడొచ్చా?”

“పచ్చే. గానీ బండి ఎల్లిపోతాదే!” కస్తూరి ఇంజను వైపు చెయ్యి చూపించింది.

గౌరీశ్వరి అటూ ఇటూ చూసింది. మెల్లిగా అంది. “కోప్పడనంటే ఒకటి సెప్తాను. రోజూ పొద్దున్నే మీ పిల్ల మా స్ట్రెల్కాతో ఆటకొస్తాది. రెండింటికీ సద్దన్నం ఎడతాను. ఎట్టినప్పుడు పిలుస్తాను కదా... దానికి ఆ పేరు అలవాటైపోయింది.”

ఏ పేరో కస్తూరి అడగలేదు. అడగక్కర్లేదు.

ఆరిందనుకున్న మంట మళ్లీ భగ్గుమంది. నా కుక్క! నా కుక్కకి నేను ఐదు పేర్లు పెడితే ఒక్కటీ రాలేదు, ఇది పెట్టిన పేరు వచ్చేసిందా! దొంగతనంగా నేర్పేస్తుందా!

“నేను పిలవనులే,” అంది గౌరీశ్వరి. “నీ కుక్క. నువ్వే పిలు.”

ఇంజను కూత వేసింది. కస్తూరి కళ్లు తిప్పుకుంటే మూలనున్న బస్తా కనిపించింది. చేప, గొడుగు, నక్షత్రం. నెల్లాళ్ల నుంచి ఎవరూ పిలవని బస్తా.

కస్తూరి పెట్టెల వైపు తిరిగింది. గొంతు చించుకుని అరిచింది.

“బెల్కా!”

ఏమీ లేదు.

“బెల్కా! బెల్కా!”

మూడో పెట్టెలోంచి సన్నగా, “కుయ్!”

“బాబాయ్! సీలెయ్యకండి!” అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు. సూర్యం అప్పుడే మూసిన తలుపుని మళ్లీ లాగి తెరిచాడు. మూడాకుల బస్తాల మధ్య నుంచి తెల్ల మూతి ఒకటి బయటికొచ్చింది. మూతి నిండా చింతపండు పీచు. చెక్క మీంచి దొర్లుకుంటూ దిగి, కస్తూరి చాచిన చేతులు దాటుకుని ముందు స్ట్రెల్కా దగ్గరికి పోయింది. అక్కాచెల్లెళ్లు మూతులు నాక్కున్నాయి. ఆ తర్వాతే వచ్చి కస్తూరి కాళ్లకి చుట్టుకుంది.

ఆదిశేషు ఊపిరి వదిలాడు. “విజయనగరంలో దిగుంటే, ఏ పేరని టెలిగ్రాం ఇద్దునే నేను?”

కస్తూరి అక్కడే కింద చతికిలబడింది. కుక్కపిల్ల మూతికున్న పీచు ఒక్కొక్కటే తీస్తూ కూర్చుంది. తలెత్తి చూసేసరికి గౌరీశ్వరి లేదు. తన పిల్లని తీసుకుని ఇంటి వైపు వెళ్లిపోయింది.

సాయంత్రం ఓ వాన కురిసి వెలిసింది. రైల్వే క్వార్టరు గుమ్మం ముందు కస్తూరి నిలబడి ఉంది. చంకలో కుక్కపిల్ల, గుప్పిట్లో ఏదో పొట్లం.

“గౌరీ! నాన్నమ్మ పళ్లెంలో బియ్యం పోసింది. ఇదే ఆకరి బారసాలంది.”

“ఏం పేరెడతావు?” గౌరీశ్వరి గుమ్మం దిగలేదు.

“తెలీనట్టు అడక్కే!” కస్తూరి తల వంచుకుంది. “మేనత్త ఒళ్లో కూకోబెట్టుకుని సెవిలో సెప్పాలంట. మా పిల్లకి మేనత్త లేదు. నువ్వొస్తావా?”

గౌరీశ్వరి గడుసుగా చూసింది. “దానికి మేనత్తనైతే నీకు ఆడపడుచుని. ఆడపడుచు కట్నం ఏటిస్తావు?”

కస్తూరి పొట్లం విప్పింది. ఉప్పూ, కారం, బెల్లం వేసి దంచిన చింతపండు ఉండలు. రెండు.

“మరి పచ్చో?”

“పచ్చి పండిపోయిందే! నోట్లో ఎట్టుకుని సూడు.”

వసారాలో నాన్నమ్మ దీపం పెట్టింది. మేనత్తగారు చింతపండు ఉండ బుగ్గన పెట్టుకుని, కుక్కపిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని, దాని చెవిలో మూడుసార్లు పేరు చెప్పింది. ఈసారి కుక్కపిల్ల చెవి గోక్కోలేదు. తోక ఊపింది.

కస్తూరి పళ్లెం ముందు కూర్చుంది. బియ్యాన్ని అరచేత్తో చదును చేసింది. వేలు పెట్టి ముందు ‘స్ట్రెల్కా’ అని రాసింది. దాని పక్కనే, ఆనుకుని, ‘బెల్కా’ అని రాసింది.