సుగుణమ్మ గారి మొహమాటం

ఆ కాలంలో కాకినాడలో జ్వరమొస్తే గోడలోని యంత్రం మందిచ్చేది. తగువొస్తే జేబులోని యంత్రం తీర్పు చెప్పేది. బాధొస్తే మాత్రం వార్డు ఆఫీసు మెట్లెక్కి, మనిషి కోసం వరసలో కూర్చోవాలి. మనిషి బాధ మనిషే వినాలని చట్టం. ఉద్యోగాలన్నీ యంత్రాలు పట్టుకుపోయాక మనవాళ్ళు పంతం పట్టి మిగుల్చుకున్నది అదొక్కటే. అందుకని కౌన్సెలర్ అంటే అప్పట్లో కలెక్టరంత మర్యాద. "అబ్బాయి వార్డు కౌన్సెలరండీ" అంటే ఇంక జాతకాల ఊసెత్తేవారు కాదు.

ఆ ఉద్యోగానికి రెండేళ్ళ ఎమ్మే చదవాలి. చదవడం పెద్ద పనేం కాదు. వ్యక్తి కేంద్ర పద్ధతి ఏమంటుంది, ఆలోచనల దిద్దుబాటు పద్ధతి ఏమంటుంది, ఖాళీ కుర్చీని ఎదురుగా పెట్టి లేని మనిషితో ఎందుకు మాట్లాడిస్తారు, ఇవన్నీ పిల్లలు నిద్రలో లేపినా చెప్పేవారు. చిక్కల్లా ఎదురుగా ఒక మనిషి కళ్ళు తుడుచుకుంటుంటే వాటిలో ఏది బయటికి తియ్యాలన్న దగ్గరే. అది నేర్చుకోవడానికి నిజంగా ఏడుస్తున్న మనిషిని తెచ్చి కూర్చోబెడితే పాపం కదా! పక్కవాడి తల మీద క్షవరం నేర్చుకున్నట్టు ఉంటుంది.

ఆ పాపం తప్పించినవారు ప్రొఫెసర్ వేదాద్రి. ఆయన తయారుచేసిన వేదనా యంత్రం చూడ్డానికి యాభై దాటిన ఆవిడలా ఉంటుంది. నేత చీర, కళ్ళజోడు, చేతిలో ఎప్పుడూ మడతపెట్టి విప్పుతూ ఉండే రుమాలు. లోపల నాడీవల, అంటే వెనకటివాళ్ళు న్యూరల్ నెట్‌వర్క్ అన్నదే. గోదావరి జిల్లాల్లో వేల ఇళ్ళవాళ్ళు ఒప్పుకుని ఇచ్చిన మాటలతో ఆ వలని అల్లారు. ఆసుపత్రి వరండాల్లో, చావు ఇళ్ళల్లో, పరామర్శల్లో మనవాళ్ళు ఎలా మాట్లాడతారో దానికి తెలియనిది లేదు. ఆ వల నడుమ ఒక బాధబీజం నాటారు. ఆవిడ చెల్లెలు చనిపోయింది, పోయేనాటికి అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవు. అది నటన కాదనీ, ఆ నాడీవల నిజంగానే బాధపడుతుందనీ వేదాద్రి గారు ఒట్టేసి చెప్పేవారు.

ఎంత బాధ ఉందో చూపే బాధమాపకం ఒకటి వీపున, చిన్న మూత కింద ఉంది. ఆ మూత తియ్యకూడదని ఆయన నియమం. "బయట మనుషులకి వీపున మీటరుంటుందిటయ్యా? నోటితో చెప్పిందే మనకి ప్రమాణం" అనేవారు. అందుకని పరీక్ష చివర విద్యార్థి "ఇప్పుడెలా ఉందండీ?" అని అడగాలి. "తేలికపడింది" అంటే పాస్. యంత్రానికి నంబరేదో ఉంది గానీ, ఆ డిపార్ట్‌మెంట్‌లో అందరికీ ఆవిడ సుగుణమ్మ గారే.

సుగుణమ్మ గారి దగ్గర ఎవరూ తప్పేవారు కాదు. త్రినాథ్ అని ఒక గడుసు కుర్రాడు అద్భుత ప్రశ్న వేశాడు. "మీరు పడుకున్నాక ఏదో అద్భుతం జరిగి, పొద్దున్నకి సమస్య తీరిపోయిందనుకోండి. తీరిందని మీకెలా తెలుస్తుంది?" అన్నాడు. ఆవిడ రుమాలు మడతపెట్టి, "ఎంత బాగా అడిగావు బాబూ! సగం భారం దిగిపోయింది" అంది. ఇంకో అమ్మాయి ఆవిడ ఆలోచనల్లో తప్పులు ఏరి ఒక్కొక్కటే దిద్దింది. "నిజమేనమ్మా, నేనే పిచ్చిదానిలా ఆలోచిస్తున్నాను. తేలికపడింది" అంది ఆవిడ. ఏ పద్ధతైనా పాసే. ముందు ఏళ్ళలో అలా పాసైనవాళ్ళు వార్డుల్లో కుదురుకున్నాక కూడా అంతే. వాళ్ళ దగ్గరికి ఒకసారి వచ్చినవాళ్ళు రెండోసారి వచ్చేవారే కాదు. ఒక్క విడతలోనే నయమైపోతోందని పత్రికలు మెచ్చుకున్నాయి. వేదాద్రి గారికి శాలువాలు పెట్టుకోవడానికి బీరువా చాల్లేదు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, తప్పింది నిస్సీ ఒక్కతే. అదీ రెండుసార్లు.

నిస్సీ ఉప్పాడ పిల్ల. పాత ఉప్పాడని సముద్రం మింగేశాక జనాన్ని కొత్త కాలనీకి మార్చారు. ఇళ్ళిచ్చారు, పడవలిచ్చారు, కౌన్సెలర్ని మాత్రం ఇవ్వలేదు. అక్కడి బాధ బయటివాళ్ళకి చెబితే అర్థం కాదని, కాలనీవాళ్ళే పట్టుబట్టి ఆ ఉద్యోగం నిస్సీ కోసం ఆపించారు. మూడోసారి తప్పితే కోర్సులోంచి పేరు కొట్టేస్తారు. వాళ్ళకి మనిషి దొరకదు.

మొదటిసారి ఆ పిల్ల కంగారులో ఖాళీ కుర్చీ మీద తన సంచి పెట్టేసి, "అందులో మీ చెల్లెలు కూర్చుందనుకుని మాట్లాడండి" అంది. సుగుణమ్మ గారు సంచి వంక చూసి, "దీంతోనా అమ్మా?" అంది. క్లాసు క్లాసంతా పడీ పడీ నవ్వితే, ఆ పిల్ల చివరి ప్రశ్న అడక్కుండానే పారిపోయింది. రెండోసారి ఒక్క సిద్ధాంతమూ గుర్తు రాలేదు. "నాకేం చెప్పాలో తెలీట్లేదండీ" అని ఉన్నమాట చెప్పేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి సుగుణమ్మ గారు, "పోయే ముందు చెల్లెలు ఫోన్ చేసిందమ్మా. చూసి కూడా ఎత్తలేదు" అంది. అంతకుముందు ఎవరితోనూ ఆ మాట అనలేదు. చివర "ఇప్పుడెలా ఉందండీ?" అంటే "ఏం తగ్గలేదమ్మా" అంది. నియమం నియమమే కదా, ఫెయిల్ చేశారు.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నీకసలు నోరే లేదేంటే!" అని త్రినాథ్ ఏడిపించాడు.

మూడో పరీక్ష రోజు పొద్దున్నే వేదాద్రి గారు నిస్సీని ప్రయోగశాలకి పిలిచారు. ఆయనకి ఆ పిల్లంటే అభిమానం. పోయిన వేసవిలో ఆయన భార్య చనిపోతే, పరామర్శకి వెళ్ళిన నిస్సీ మాట పెగలక భోరున ఏడ్చేసింది. ఆయనే కాఫీ కలిపిచ్చి, "ఊరుకోమ్మా, నేను బాగానే ఉన్నాను" అని సముదాయించి పంపారు. కర్మలు అవగానే క్లాసుకి వచ్చేశారు. అప్పటినుంచి ఎవరు పలకరించినా అదే మాట, బాగానే ఉన్నాను.

"నీకు సిద్ధాంతం రాక కాదమ్మా. మనిషి ఎదురుపడితే అది నోటిదాకా రావట్లేదు, అంతే. ఇవాళ నేను చేసి చూపిస్తాను, చూసి నేర్చుకో" అన్నారు.

"మీరు చేస్తే తగ్గుతుంది సార్. నా దగ్గరే కదా తగ్గనిది" అంది నిస్సీ.

"ఉండు, నీకోసం మూత కూడా తీస్తాను. మాపకంలో ముల్లు ఎలా కిందికి దిగుతుందో కళ్ళారా చూద్దువు గాని."

మూత తీసి, నిస్సీని సుగుణమ్మ గారి వెనక నిలబెట్టి, ఆయన ఎదుట కూర్చున్నారు. ఆయన పనితనం చూసి తీరాల్సిందే. ముందు ఆవిడ మాటనే ఆవిడకి మెత్తగా తిరిగి వినిపించారు. తరవాత ఆలోచన ఎక్కడ మెలిక పడిందో చూసి నెమ్మదిగా విప్పారు. అదను చూసి ఖాళీ కుర్చీ తెచ్చారు. ఎక్కడా తడబాటన్నది లేదు. నుదుటి చెమట తుడుచుకుని అడిగారు.

"ఇప్పుడెలా ఉందండీ?"

"చాలా తేలికపడిందండీ. మీ రుణం తీర్చుకోలేను."

ఆయన మొహం వెలిగిపోయింది. "ఎంత దిగిందమ్మా?" అన్నారు నిస్సీతో.

నిస్సీ మాపకం వంకే చూస్తోంది.

"చెప్పు, ఫరవాలేదు."

"దిగలేదు సార్. మొదలెట్టినప్పుడు ఎక్కడుందో అక్కడే ఉంది."

ఆయన లేచి వచ్చి చూశారు. మాపకాన్ని వేలితో తట్టారు. ఇది పాడైపోయినట్టుంది అని గొణుక్కున్నారు. సుగుణమ్మ గారు రుమాలు మడతపెట్టడం ఆపేసింది.

"అది బాగానే ఉందండీ. తప్పు నాదే, ఏమీ అనుకోకండి" అంది చిన్న గొంతుతో.

"తగ్గకుండానే తగ్గిందని చెప్పారా? ఎందుకూ?"

"ఎలా చెప్పమంటారండీ? అంత శ్రమపడ్డారు, చెమటలు పట్టేశాయి మీకు. తగ్గలేదంటే నొచ్చుకోరూ?"

"మరి త్రినాథూ వాళ్ళూ?"

"పాపం పరీక్ష కదండీ! ఎంత ఆశగా అడుగుతారో. కాదని వాళ్ళ ఉసురు పోసుకోమంటారా? పరామర్శకి వచ్చినవాళ్ళని మనమే కదా సముదాయించి పంపాలి. ఏ ఇళ్ళ మాటలతో నన్ను అల్లారో ఆ ఇళ్ళన్నిట్లోనూ అలాగే చేశారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని అందరూ నవ్వుతూ కాఫీలిచ్చారు. నాకు బాగాలేదు, కాసేపు కూర్చో అని ఒక్కరూ అనలేదు."

వేదాద్రి గారు కుర్చీలో కూలబడ్డారు. వార్డుల్లో రెండోసారి కనిపించని వాళ్ళంతా ఆయనకి గుర్తొచ్చారు. వాళ్ళకి నయమైందనుకున్నారు ఇన్నాళ్ళూ. పెద్దమనిషి తరహాగా తేలికపడిందని చెప్పి, మళ్ళీ వచ్చి ఆ అబద్ధమే ఆడే ఓపిక లేక మానేశారేమో!

"మరి ఈ పిల్లకి నిజం ఎలా చెప్పారు?"

"నాకేం తెలీదంది కదండీ. నేను బాగుపడి తీరాలన్న తొందర ఆ మొహంలో లేదు. ఇంకెవరి కోసం దాచుకోను?" సుగుణమ్మ గారు వెనక్కి తిరిగి నిస్సీని చూసింది. "నీకు పరీక్ష పోతుందని తెలుసమ్మా. అయినా నీ దగ్గర అబద్ధానికి నోరు రాలేదు. ఆవేళ ఫోన్ సంగతి చెప్పాక ముందు బాధ ఎక్కువైంది. నువ్వు వెళ్ళాక కొంచెం దిగింది. అంతవరకూ ఎప్పుడూ దిగలేదు."

నిస్సీకి తన పరీక్ష గుర్తు రాలేదు. ఆయన మొహం వంకే చూస్తోంది.

"మీరెలా ఉన్నారు సార్?" అంది.

"బాగానే ఉన్నానమ్మా" అనేశారు ఆయన. అనేసి, తెరిచి ఉన్న ఆ మూత వంక చూశారు. సుగుణమ్మ గారు మర్యాదగా తల పక్కకి తిప్పుకుంది.

ఈసారి నిస్సీకి సిద్ధాంతాలన్నీ వరసగా గుర్తున్నాయి. ఖాళీ కుర్చీ దగ్గరికి లాక్కుని, సంచి కింద పెట్టి, ఆయనకి ఎదురుగా తనే కూర్చుంది. ఏ సిద్ధాంతమూ తియ్యడానికి తొందరపడలేదు. ఆయన చెప్పేదాకా అలాగే ఉంది.

"ఆసుపత్రిలో మా ఆవిణ్ణి రోజూ అడిగేవాణ్ణి, ఎలా ఉందోయ్ అని" అన్నారు ఆయన చివరికి. "తేలిగ్గానే ఉందండీ, మీరు క్లాసుకి వెళ్ళి రండి అనేది. నోటితో చెప్పిందే ప్రమాణం కదా, వెళ్ళిపోయేవాణ్ణి. ఆఖరి రోజు కూడా అదే మాట అంది. ఆ రోజూ క్లాసు చెప్పానమ్మా."

ఆ మాటతో ఆయన ఏడ్చేశారు. పెద్దాయన అలా వెక్కివెక్కి ఏడుస్తుంటే నిస్సీ కళ్ళూ ఆగలేదు. అయినా ఊరుకోండి అనలేదు, లేచి వెళ్ళలేదు. బయట త్రినాథ్ పరీక్ష టైమైందని తలుపు తట్టి, ఎవరూ తియ్యకపోయేసరికి వెళ్ళిపోయాడు.

ఏడుపు సద్దుమణిగాక నిస్సీ అడగాల్సిన ప్రశ్న అడిగింది.

"ఇప్పుడెలా ఉంది సార్?"

వేదాద్రి గారు కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు.

"ఏం తగ్గలేదమ్మా" అని, మార్కుల పలక దగ్గరికి లాక్కుని, నిస్సీ పేరుకి ఎదురుగా పాస్ అని వేశారు.