ఎగ్జిట్ కొట్టి వెళ్లండి, మేడమ్

అన్నను బార్బర్ కుర్చీలోనే కాల్చి చంపారు. ఒక చెంప నున్నగా గీసి ఉంది, రెండో చెంప మీద నురగ ఇంకా ఆరలేదు. అతను ఆ షాపుకు వెళ్తాడని వాళ్ల గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో ముగ్గురికే తెలుసు: చీఫ్‌కి, తమ్ముడికి, వాళ్లతో పనిచేసే మేడమ్‌కి. తమ్ముడు ఆ రోజు నుంచి బ్లేడు ముట్టలేదు. అతన్ని అందరూ ముంగిస అంటారు, పట్టిన పట్టు వదలడని.

చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. విదేశీ ముఠా ఒకటి రిజర్వాయర్ గేట్ల సిస్టమ్‌లోకి కమాండ్ ఎక్కించింది. షిఫ్టు సైరన్ మొదలవగానే గేట్లు లేవడం మొదలుపెడతాయి, అది ఆగేసరికి పూర్తిగా తెరుచుకుని కింద ఊరు కొట్టుకుపోతుంది. ఆపాలంటే వాళ్ల కోడ్ వర్డ్ కావాలి. తనిఖీకి మేడమ్‌ని పంపానని చీఫ్ అనగానే ముంగిసకు ఒళ్లు మండిపోయింది.

"మా అన్నను చంపించింది ఆమే సార్."

"సాక్ష్యం పట్రా. అప్పటిదాకా ఆమె మన మనిషే."

ఏసీ మెకానిక్ వేషంలో కంట్రోల్ రూమ్‌లో అడుగుపెట్టాడు. గుబురు గడ్డం, నూనె మరకల చొక్కా, పిడిలో పిస్టల్ గొట్టం దాచిన స్క్రూడ్రైవర్. గది నిండా సెంటు వాసన. టెర్మినల్ ముందు మేడమ్ దర్జాగా కూర్చుని, కొట్టిన కమాండ్లు దాచే హిస్టరీ ఫైల్‌ని చెరిపేస్తోంది. అది కాగానే కంప్యూటర్ ప్లగ్గు మీద చెయ్యి వేసింది.

ముంగిసకు అన్న నేర్పిన పాఠం గుర్తొచ్చింది. కమాండ్లు అందుకునే షెల్ ప్రోగ్రామ్, కొట్టినవన్నీ మనసులోనే పెట్టుకుంటుంది, పద్ధతిగా సాగనంపితేనే ఫైల్లో కక్కుతుంది. ప్లగ్గు పీకితే అంతా గాలికి పోతుంది.

"అలా పీకకండి మేడమ్. డిస్కు పాడైతే నా నెత్తిన పడుతుంది. ఎగ్జిట్ కొట్టి వెళ్లండి, కరెంటు నేను తీస్తా."

గడ్డంలో అతన్ని గుర్తుపట్టని ఆమె, ఫైల్ ఎలాగూ పోయిందన్న ధీమాతో నవ్వి, ఎగ్జిట్ కొట్టి వెళ్లిపోయింది.

సైరన్ మొదలైంది. అతను కొత్త విండో తెరిచాడు. షెల్ ఫైల్‌ని మళ్లీ చదువుకుంది. పాత కమాండ్లు చూపే పై బాణం నొక్కాడు: ఎగ్జిట్. మళ్లీ నొక్కాడు: ఫైల్ చెరిపిన కమాండ్. ఇంకోసారి నొక్కితే ఆమె ఖాయం చేసిన గేట్ల కమాండ్, దాని చివర కోడ్ వర్డ్.

సగంగడ్డం.

అన్న చావు ఆమెకు జోకు అయిపోయింది. పళ్లు నూరుతూ అదే మాటతో ఆర్డర్ రద్దు చేశాడు. కాస్త లేచిన గేట్లు మూలిగి, మళ్లీ కిందికి దిగాయి. అప్పుడే సైరన్ ఆగింది.

మరిచిపోయిన కళ్లద్దాల కోసం తిరిగొచ్చిన మేడమ్, స్క్రీన్ చూసి పాలిపోయింది.

"చెరిపేశాను కదా..."

"ఫైల్ని చెరిపావు. నువ్వు వెళ్తుంటే షెల్ మళ్లీ రాసింది. అదీ నాలాంటిదే, మనసులో పెట్టుకుంటుంది."

స్క్రూడ్రైవర్ ఆమె మెడకు ఆనించాడు. కాల్చేయాలని చెయ్యి తహతహలాడింది. అయినా కాల్చలేదు, అంత తొందరగా వదిలేయడం అతనికి ఇష్టం లేదు. ఆమెకు బేడీలు వేసి చీఫ్‌కి అప్పగించాడు.

అక్కణ్ణించి నేరుగా అదే షాపుకు వెళ్లి, అదే కుర్చీలో కూర్చున్నాడు. అతన్ని చూసి బార్బర్ కొత్త బ్లేడు తీశాడు.

"సగంలో ఆపకు," అన్నాడు ముంగిస. "మా ఇంట్లో ఆ స్టైలు అన్నయ్యతో సరి."